గుండ్రటి సీలు లేని ఇంటర్న్‌షిప్: నా అనుభవం

నిన్న సాయంత్రం నాలుగుంపావుకు మా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) మేడం నా ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్కు మీద సంతకం పెట్టినారు. కడుపులో మంట ఇంకా చల్లారలేదు, చల్లారితే రాయబుద్ధి కాదు. అందుకే ఈ రోజే కూర్చున్నా. 2025లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పని చేసినా. అంటే ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ తెరిచి చూడగల) ప్రాజెక్టులకు, దారి చూపే ఒక మెంటర్ కింద కోడ్ రాస్తే గూగుల్ స్టైపెండ్ ఇచ్చే కార్యక్రమం. దాంట్లో చేరేదానికి ప్రపోజల్ ఎట్ల రాయాల్నో చెప్పేటోళ్ళు వీధికి నలుగురున్నారు. పని ముగించి కాగితాలు చేతికి తెచ్చుకునేదెట్లో చెప్పినోళ్ళు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు.

మాది కడప. నాయన బండల పాలిష్ మిషన్ దగ్గర పని చేస్తాడు. ఇంట్లో ఇంజనీరింగ్ మొదట మెట్టెక్కింది నేనే. మే 8న సెలెక్టయినట్టు మెయిల్ వచ్చింది, జూన్ 2న కోడింగ్ మొదలైంది, జూలైలో మిడ్‌టర్మ్ పాసైనా, 45 శాతం డబ్బు పడింది. అక్కడిదాకా చెప్పడానికి పెద్ద కథేం లేదు.

పనేందంటే, రాతలు దిద్దుకునే ఒక ఓపెన్ సోర్స్ ఎడిటర్ లోపల వాడే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్ట) ఉంది. దాంట్లో ‘స్త్రీ’ అని రాసి బాణం కీ నొక్కితే కర్సర్ మూడు చోట్ల ఆగుతుంది. స్ దగ్గర ఒకసారి, త్ దగ్గర ఒకసారి, రీ దగ్గర ఒకసారి. ఒకటో తరగతి పిల్లోడినడిగినా అది ఒకటే అక్షరమంటాడు. కంప్యూటర్‌కు లోపల అవి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. దేవనాగరి, బెంగాలీ, తెలుగు, మలయాళం లాంటి లిపుల్లో ఇట్లాంటి సంయుక్తాక్షరాన్ని మధ్యలో తుంచొద్దని యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకు ప్రమాణం పెట్టే సంస్థ) వాళ్ళు 2023లో 15.1 వెర్షన్‌లో నియమం పెట్టినారు. ఈ లైబ్రరీ ఇంకా పాత లెక్క మీదనే నడుస్తా ఉండె. దాన్ని కొత్త లెక్కకు మార్చేదే నా ప్రాజెక్టు. మీడియం సైజు, 175 గంటలు.

చివరి వారం ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 1 దాకా. గడువు మన టైములో రాత్రి పదకొండున్నర. ఆ వారంలోనే 27న వినాయక చవితి. మా వీధి మండపం మైకు సరిగ్గా మా కిటికీకి ఎదురుగా కట్టినారు. ఆ మోతలోనే మెంటర్ నుంచి ఒక కామెంటొచ్చింది: ‘సాఫ్ట్‌వేర్ అనే మాటను నీ కోడ్‌తో నడిపి చూడు’ అని. చూసినా. గుండె జారింది.

సాఫ్ట్‌వేర్ అని టైపు చేసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాం, లేకుంటే వ పోయి ముందున్న అక్షరాల కింద ఒత్తుగా చేరుతుంది. ఆ గుర్తు ఉంటే అక్షరం అక్కడ తెగాల. నా కోడ్ దాన్ని మామూలు గుర్తుల్లో కలిపేసి, ఫ మొదలు వే దాకా మొత్తం ఒకటే అక్షరమని లెక్కగట్టింది. మూడు నెలలుగా నేను రోజుకు ఇరవై సార్లు ఆ మాట టైపు చేస్తున్నా, నాకు తట్టలేదు. ఆయనది యూరప్, తెలుగులో ‘అ’ కూడా రాదు, ఆయన పట్టుకున్నాడు. సరిచేసేది రెండు వరుసలే. ఆ రెండు వరుసల కోసం చవితి రాత్రి ఉండ్రాళ్ళు కూడా తినలేదు.

చివర్లో ఇయ్యాల్సింది ఒక లింకు. దాంట్లో ఏం చేసినాం, ఏది విలీనమైంది, ఏది మిగిలింది అని రాయాల. నావి మూడు పుల్ రిక్వెస్టులు (నా మార్పులను అసలు కోడ్‌లో కలపమని అడిగేవి) విలీనమైనాయి, ఒకటి ఇంకా తెరిచే ఉంది. మిగిలింది రాస్తే ఫెయిల్ చేస్తారేమో అని ముందు దాచిపెట్టినా. ‘అదే రాయి, తర్వాత వచ్చేవాళ్ళకు పనికొచ్చేది అదే’ అన్నాడు మెంటర్. ఇరవై తొమ్మిదో తేదీనే పంపేసినా. చివరి గంట దాకా ఆగొద్దండి, కరెంటును నమ్ముకుంటే అంతే. సెప్టెంబర్‌లో పాసని వచ్చింది. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా వస్తుంది. 2025లో మన దేశంలో మీడియం ప్రాజెక్టుకు మొత్తం 1,500 డాలర్లు ఇచ్చినారు, మొదట 675, చివర 825. ఆ డబ్బు వచ్చే పేయనీర్ ఖాతాలో పేరు, బ్యాంకు పాసుబుక్కులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండేటట్టు మేలోనే చూసుకోండి. నా పాసుబుక్కులో ఇంటిపేరు పొట్టి అక్షరాల్లో ఉండె, దానికోసం బ్యాంకు చుట్టూ నాలుగు దినాలు తిరిగినా.

ఇంతవరకు అంతా సాఫీనే. అసలు కథ కాలేజీలో.

మన రాష్ట్రంలో బీటెక్‌కు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా. దానికొక లాగ్‌బుక్కు. ప్రతి రోజుకు ఒక గడి, ఏం చేసినావో రాయాల, పక్కనే ‘పర్సన్ ఇన్‌ఛార్జ్’ సంతకం గడి. కంపెనీ సర్టిఫికెట్ జత చెయ్యాల. సెప్టెంబర్ రెండో వారంలో సెమినార్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి చూసినారు. మా ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్ సార్ బల్ల వెనక కూర్చున్నాడు. (కూర్చున్నారు అని రాయాలేమో. ఈ వారం నాతో కాదు.)

నా ముందున్న పదిమంది పది నిమిషాల్లో అయిపోయినారు. వాళ్ళలో సగం మంది ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళే, ఆ మాట హాల్లో అందరికీ తెలుసు. ఇద్దరి సర్టిఫికెట్ల మీద సీరియల్ నెంబరు కూడా ఒకటే. కానీ ఇద్దరివాటి మీదా నీలం రంగు గుండ్రటి సీలు ఉండె.

నా వంతు వచ్చింది.

“కంపెనీ పేరేందమ్మా?”

“కంపెనీ కాదు సార్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు.”

“ఆఫీసు యాడుంది?”

“ఆఫీసుండదు సార్. అందరూ ఎవరిళ్ళ నుంచి వాళ్ళు చేస్తారు.”

“కంపెనీ లేదు, ఆఫీసు లేదు. ఎండాకాలమంతా ఇంట్లో కూర్చున్నావు. మరి దుడ్లెవరిచ్చినారు?”

“గూగుల్ సార్.”

హాలంతా నవ్వింది. నా స్నేహితురాలు కూడా నవ్వింది, తర్వాత కాళ్ళా వేళ్ళా పడి బతిమాలింది, అది వేరే సంగతి.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా, మీరు చెయ్యొద్దు. నమ్మించుదామని ఫోన్‌లో గూగుల్ వాళ్ళ పేజీ తెరిచి సార్ చేతికిచ్చినా. ఆయన వేలితో పైకీ కిందికీ తోసి తోసి, ప్రశ్నలు జవాబులున్న చోట ఆగినాడు. ఇది ఇంటర్న్‌షిప్పా, ఉద్యోగమా అని అక్కడొక ప్రశ్న ఉంది. సార్ ఫోన్ నాకు తిరిగిచ్చి, “చదువు. వెనక వాళ్ళకు వినపడేటట్టు చదువు” అన్నాడు.

చదివినా. జవాబు మొదటి మాటే ‘కాదు’. స్వతంత్ర డెవలపర్‌గా చేసే పని, దానికి స్టైపెండ్ ఇస్తారు అని తర్వాత ఉంది. ఆ తర్వాతది చదివేలోపల, “చాలు. వాళ్ళే కాదంటున్నారు, నేను ఔనని ఎట్ల రాయల్ల?” అన్నాడు. అరవై మంది ముందర, నా ఫోన్‌లో, నా గొంతుతో, నా పనిని నేనే కాదని చదివి కూర్చున్నా. చెవులు కాలిపోయినాయి. లాగ్‌బుక్కు తీసుకుని నా కుర్చీ దాకా నడిచేటప్పుడు చెప్పుల చప్పుడు ఒక్కటే వినపడింది నాకు.

నేను రాసిన ప్రతి వరుస ఏ తేదీన, ఎన్ని గంటలకు రాసినానో, ఎవరు చూసి ఒప్పుకున్నారో, ఎవరు తిట్టినారో, లోకంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఆ హాల్లో ఇంతకంటే గట్టి హాజరుపట్టీ ఒక్కరికీ లేదు. ఈ మాట నాకు ఆ పొద్దు నోట్లోకి రాలేదు. ఇంటికొచ్చినాక, అన్నం ముందర కూర్చున్నాక, వచ్చింది. “పని చేసినావు, దుడ్లొచ్చినాయి, మళ్ళా ముద్రెందుకే?” అనింది మా జేజి. జేజికి అర్థమైనంత కూడా మా కాలేజీకి కాలేదు.

ఆ రాత్రి మెంటర్‌కు మెయిల్ పెట్టినా. ‘గుండ్రటి సీలు’ అంటే ఏందో ఆయనకు అర్థం చేయించేదానికే మూడు మెయిళ్ళు పట్టింది. పాపం, 175 గంటలని, ఏ పని చేసిందో వివరంగా ప్రాజెక్టు గుర్తున్న కాగితం మీద ఉత్తరం రాసి సంతకం పెట్టినాడు. లాగ్‌బుక్కు వారం పేజీలు పంపితే ప్రింటు తీసి, పెన్నుతో సంతకాలు చేసి, ఫోటోలు తీసి పంపినాడు. ఒక ఫోటోలో మూలన కాఫీ కప్పు కూడా పడింది. ఏడు రోడ్ల దగ్గర ఒక జెరాక్స్ అంగట్లో రంగు ప్రింట్లు తీయించినా, కప్పు కత్తిరించి.

సార్ చూసి, “ఇది కలర్ జెరాక్స్. ఒరిజినల్ తే. సీలేది?” అన్నాడు. ఒరిజినల్ సముద్రాలవతల ఎవరి బల్ల మీదనో ఉంది.

మళ్ళా అదే అంగడికి పోయినా. అంగడాయన నా మొకం చూసి, నేనడక్కముందే, “సీలు కావాల్నా పాపా? ఏ దేశం పేరైనా ఏస్తాం. గుండ్రందా, కోడిగుడ్డు ఆకారందా? రెండు నూర్లు” అన్నాడు. సిగ్గు లేకుండా చెప్తున్నా, గుండ్రందే అన్నా. యాభై అడ్వాన్సు కూడా ఇచ్చినా. బస్సెక్కినాక ఒకటే ఆలోచన, ఆ సీలు మీద ఉండేది మెంటర్ వాళ్ళ ప్రాజెక్టు పేరు. కనపడని గుర్తొకటి తప్పుగా లెక్కేసినానని మూడు రోజులు నన్ను కూర్చోబెట్టిన మనిషి. నీతి అనుకోవద్దు, సగం భయమే. తెల్లారి పోయి వద్దన్నా. యాభై వెనక్కియ్యలేదు, “పేరు కూర్చేసినాం పాపా” అన్నాడు.

మీలో ఎవరైనా వచ్చే ఏడు చేసేటట్టుంటే, మేలో సెలెక్ట్ మెయిల్ వచ్చిన వారంలోనే హెచ్‌ఓడీకి అర్జీ పెట్టి, దాని నకలు మీద సంతకం చేయించుకోండి. ఇది ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తారా లేదా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోండి. లాగ్‌బుక్కు గడులు ఏ రోజుది ఆ రోజే నింపండి, సెప్టెంబర్‌లో జూన్ నెల గుర్తు తెచ్చుకోవడం నరకం. కోఆర్డినేటర్ దగ్గరికి ఒంటరిగా పోవద్దు. గూగుల్ ప్రశ్నల పేజీ మాత్రం చచ్చినా చూపించొద్దు.

నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి నేరుగా హెచ్‌ఓడీ మేడం గదికి పోయినా. మేడం నా మాటలు సగం విని, “మాటలొద్దు, చూపించు” అన్నారు. ల్యాబ్‌లో సిస్టం ముందర కూర్చున్నాం. ముందు పాత వెర్షన్ తెరిచి ‘స్త్రీ’ టైపు చేసి బాణం నొక్కినా. తర్వాత కొత్తది. మేడం నన్ను జరగమని కీబోర్డు తన ముందరికి లాక్కుని, ‘స్వాతంత్ర్యం’ అని టైపు చేసినారు, ఒక్కో కీ వెతుక్కుంటా. పాతదాంట్లో బాణం నొక్కుతా వేళ్ళు మడిచి లెక్కపెట్టినారు: ఆరు. కొత్తదాంట్లో: స్వా, తం, త్ర్యం. మూడు. మళ్ళా ఒకసారి వెనక్కి నొక్కి చూసినారు. అదే మూడు.

“ఇది నువ్వు రాసిందేనా?”

ప్రాజెక్టు పేజీలో నా పేరు, తేదీ, మెంటర్ తిట్టిన సాఫ్ట్‌వేర్ కామెంటు, అన్నీ చూపించినా. ఆ కామెంటు దగ్గర మేడం చాలాసేపు ఆగినారు. “తెలుగు రానాయనకు ఇది తెలిసింది, మనకు తెలీలేదే” అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. గదికి తీసుకుపోయి, ఉత్తరం కింద ‘ఆన్‌లైన్‌లో సరిచూసినాను’ అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి, సొరుగు లాగి, డిపార్ట్‌మెంట్ సీలు తీసి, ఇంకు ప్యాడ్ మీద రెండుసార్లు ఒత్తి, నా లాగ్‌బుక్కు మీద సంతకం పెట్టి కొట్టినారు.

అది తీసుకుపోయి కోఆర్డినేటర్ సార్ బల్ల మీద పెట్టినా. పేజీలు తిప్పలేదు, ఉత్తరం చదవలేదు. మా డిపార్ట్‌మెంట్ సీలు మీద, మా కాలేజీ పేరు మీదనే, వేలు పెట్టి చూసినాడు. గుండ్రంగా ఉంది. ఇంకు ఇంకా తడిగా ఉండి వేలికి అంటింది.

“ఆఁ, ఇది కదమ్మా. మొదటి రోజే తెచ్చింటే పోయేది కదా?” అని రిజిస్టర్‌లో నా నెంబరు ఎదురుగా టిక్కు పెట్టినాడు.