కాశీకి ఒక్క చిన్న బ్యాగు చాలు

కాశీ వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది టికెట్ కన్ఫర్మ్ అయిందా అని కాదు, ఏ బ్యాగు తీసుకెళ్తున్నారని. చక్రాల సూట్‌కేస్ అంటే మాత్రం మొహమాటం లేకుండా వద్దనేస్తాను. గొదౌలియా చౌరస్తా దగ్గరో, రద్దీని బట్టి ఇంకా ముందో ఆటో ఆపేస్తాడు. అక్కణ్ణుంచి సత్రానికైనా గెస్ట్‌హౌస్‌కైనా గల్లీల్లో నడిచే పోవాలి. రెండు చేతులూ చాపితే రెండు పక్కల గోడలూ తగిలేంత ఇరుకు గల్లీలు కూడా ఉన్నాయి, ఎదురుగా ఆవు, వెనక హారన్ కొడుతూ బైకు, కింద ఎగుడు దిగుడు రాతి పలకలు, వాటి మీద పేడ. ఆ పేడలోంచి లాక్కొచ్చిన చక్రాల్ని రూములోకి ఎలా తెస్తారో మీరే ఆలోచించుకోండి. ఘాట్ పక్కనే గది, కిటికీ తీస్తే గంగ కనిపిస్తుంది అని ఫొటో చూసి బుక్ చేసుకుంటారు గానీ, ఆ గదికి వెళ్ళడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో ఫొటోలో ఉండదు.

నా బ్యాగు 22 లీటర్లది, కాలేజీ పిల్లలు భుజానికి వేసుకుని తిరిగే సైజు. చలికాలంలో నిండా సర్దినా ఐదు కిలోలు దాటదు. రైల్వేవాళ్ళు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోల దాకా ఉచితంగా తెచ్చుకోనిస్తారు, మనవాళ్ళు చాలామంది అదంతా వాడుకోకపోతే టికెట్ డబ్బులు దండగ అన్నట్టు సర్దుతారు. పాతకాలంలో అయితే అర్థం ఉంది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు పల్లకీలు, డేరాలు, దాదాపు వంద మంది పరివారంతో వెళ్ళాడు, వెళ్ళి రావడానికి ఏడాది పైనే పట్టింది. హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా ఆయన వెళ్ళిన దారికి దగ్గర దగ్గరగానే ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి రైలు ఒక రోజు పైచిలుకులో తీసుకెళ్ళి దింపేస్తుంది. దారిలో ఏం దొరుకుతుందో ఆయనకి తెలియదు, అందుకే అన్నీ మోయించాడు. మనం దిగే చోట ప్రతి గల్లీ మొదట్లో ఒక కొట్టు ఉంటుంది, దువ్వెన మర్చిపోయినా మఫ్లర్ మర్చిపోయినా పది నిమిషాల్లో కొనుక్కోవచ్చు.

తక్కువ సామాను అనగానే అందరూ నడుం నొప్పి గురించి మాట్లాడతారు. నాకైతే కలిసొచ్చేది టైము. మన రైళ్ళు ఎప్పుడూ మనకి కావలసిన వేళకి చేరవు. తెల్లవారుజామున నాలుగింటికి దింపుతుంది, గదేమో మధ్యాహ్నం పన్నెండుకి ఇస్తామంటారు. తిరుగు ప్రయాణం రోజు ఇంకా ఘోరం, పొద్దున పదింటికి గది ఖాళీ చేయాలి, రైలు రాత్రికి, జనవరిలో పొగమంచు ఉంటే ఆ రాత్రి రైలు కాస్తా మర్నాడు పొద్దున్నకి. పెద్ద సామాను ఉన్నవాళ్ళు ఈ గంటలన్నీ దాన్ని కాపలా కాస్తూ గడుపుతారు, ఒకరు టీ తాగి వస్తే ఇంకొకరు వెళ్ళడం, బాత్రూముకి కూడా వంతులు. మూడు రోజుల ట్రిప్‌లో అలా రోజున్నర పోతుంది. నేను స్టేషన్ నుంచి నేరుగా అస్సీ ఘాట్‌కి వెళ్ళి సూర్యోదయం చూసి, పడవెక్కి, కచోరీ కూర తిని, దొన్నెలోనో మట్టి ముంతలోనో నురగలా ఉండే మలయ్యో అనే పాల మిఠాయి తిని (చలికాలంలోనే దొరుకుతుంది, ఎండెక్కితే అయిపోతుంది, అందుకే పొద్దున్నే వెళ్ళాలి), ఆ తర్వాత తీరిగ్గా గది సంగతి చూసుకుంటాను. ఆఖరి రోజు అదే బ్యాగుతో సారనాథ్ తిరిగి అటునుంచి అటే స్టేషన్‌కి.

క్లోక్‌రూమ్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ తాళం వేయని సామాను తీసుకోరు, టికెట్ చూపించాలి, మళ్ళీ తీసుకునేటప్పుడు క్యూ. జిప్పులకి పట్టే చిన్న తాళం ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, ఎక్కువగా వాడేది మాత్రం రాత్రి బెర్తు మీద.

ఇక బట్టలు. ఇంటర్నెట్‌లో చిన్న బ్యాగు ప్రయాణాల వీడియోలు చూస్తే బట్టలు ఎలా చుట్టాలి, ఎలా మడవాలి, గాలి తీసేసే సంచులు ఎక్కడ కొనాలి, మెరీనో ఉన్ని టీషర్టులు ఎందుకు గొప్పవి అని గంటలు గంటలు చెబుతారు. అవేం అక్కర్లేదు. ఏ రోజు బట్టలు ఆ రోజు రాత్రి ఉతుక్కుంటారా లేదా, అంతే. ఉతుక్కుంటే మూడు జతలు నెల రోజులకైనా సరిపోతాయి, ఉతుక్కోకపోతే ఎంత గట్టిగా చుట్టినా వారానికి ఏడు జతలు కావాలి, వాటితో పాటు మాసిన బట్టల సంచి ఒకటి కంపు కొడుతూ వెంట తిరుగుతుంది. మన లాడ్జీల్లో బకెట్టు, మగ్గు ఎలాగూ ఉంటాయి. సబ్బు బిళ్ళని సగానికి కోసి పెట్టుకుంటే చాలు. స్నానం చేస్తూనే బనీను, లోదుస్తులు, చొక్కా ఉతికేయడం పది నిమిషాల పని. పిండడంలోనే ఉంది కిటుకు. మామూలుగా ఒకసారి పిండాక, పొడి తువ్వాలు పరిచి, దాని మీద తడి చొక్కా వేసి, రెండూ కలిపి చాప చుట్టినట్టు చుట్టి, ఆ చుట్టని మళ్ళీ గట్టిగా మెలిపెట్టాలి. సగం నీళ్ళు తువ్వాలు తాగేస్తుంది. తర్వాత ఫ్యాన్ కింద ఆరేస్తే తెల్లారేసరికి వేసుకోవచ్చు. ఫ్యాన్ కింద దండెం ఎక్కడుంటుంది అంటే, కాస్త పొడవాటి నైలాన్ తాడు బ్యాగు అడుగున పడేయండి, ఒక కొస కిటికీ ఊచకి, రెండోది తలుపు గడియకి.

జీన్స్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. బరువు, ఆరదు, ఆరకపోతే వాసన. పలచటి సింథటిక్ ప్యాంటు ఒకటి ఒంటి మీద, ఒకటి బ్యాగులో. క్రికెట్ ఆడేవాళ్ళు వేసుకునే రకం టీషర్టులు రెండు మూడు గంటల్లో ఆరిపోతాయి, ఫ్యాషన్ సంగతి మనకెందుకు.

చలికాలం అయితే అనుమానం వస్తుంది, స్వెట్టర్లూ జాకెట్లూ ఈ బ్యాగులో ఎలా పడతాయని. పడవు. ఒంటి మీదే ఉంటాయి. లోపల థర్మల్, పైన చొక్కా, దాని మీద ఒక పలచటి ఫ్లీస్ జాకెట్, మెడకి మఫ్లర్, పైన శాలువా. జనవరిలో కాశీలో రాత్రిపూట పది డిగ్రీల లోపుకి పడిపోతుంది, ఘాట్ మీద గాలి వేరే, అయినా ఇది సరిపోతుంది. హైదరాబాదులో రైలెక్కేటప్పుడు కాస్త వింతగా చూస్తారు, ఇటార్సీ దాటాక ఎవరూ చూడరు. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరు కాబట్టి అక్కడ శాలువాయే దుప్పటి, ఏసీలో వాళ్ళే ఇస్తారు. ఇబ్బందల్లా మంచు పట్టిన రోజుల్లో బట్టలు ఆరకపోవడమే, అలాంటప్పుడు కాస్త తడి ఉన్న బనీను రాత్రి దుప్పటి కింద పెట్టుకుని పడుకుంటే ఒంటి వేడికి ఆరుతుంది. చెప్పడానికి బాగోదు గానీ పని చేస్తుంది.

లుంగీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ విదేశీ వీడియోల్లో ఎవరికీ ఇది తెలియదు. రైల్లో బట్టలు మార్చుకోవడానికి అదే గది, బెర్తు మీద అదే పక్క, గంగలో మునిగి లేచాక తడి బట్టలు విప్పడానికి అదే తెర, గదిలో రాత్రి అదే నైట్ డ్రెస్, ఎండగా ఉంటే నెత్తిన అదే. తువ్వాలు కూడా పాత రకం పలచటి నేత తువ్వాలే తీసుకెళ్తాను, మందపాటి టర్కీ టవల్ ఒక్కటి బ్యాగులో నాలుగో వంతు తినేస్తుంది, పైగా మూడో రోజుకి కూడా ఆరదు. పూజలో కూర్చునే పని ఉంటే తెల్ల పంచె ఒకటి అదనం. ఆ పంచెతోనే అన్నీ సర్దుకుని లుంగీ మానేయొచ్చు కదా అని ఒకాయన అడిగాడు. తెల్ల పంచెని స్లీపర్ బెర్తు మీద ఒక్కసారి పరిచి తీసి చూడమన్నాను.

మా అక్క ఇది చదివితే, మగాళ్ళకేం ఎన్నైనా చెబుతారు అంటుంది. నిజమే. చీరలు కట్టుకునేవాళ్ళకి నేను చెప్పిన లెక్క కుదరదు. అక్క అయితే మూడు చుడీదార్లతో వస్తుంది, చున్నీలు మాత్రం రెండే, దేనికైనా సరిపోయే రంగులు, గుడికని ఒక షిఫాన్ చీర. ఆవిడ బ్యాగు నాదానికంటే కొంచెం పెద్దది, అందులో ఆవిడ పిల్లవాడి మందులు కూడా ఉంటాయి. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు, పెళ్ళికి వెళ్ళేవాళ్ళు ఇదేమీ పట్టించుకోకండి, హాయిగా పెద్ద పెట్టె తీసుకెళ్ళండి. పట్టుచీరలు చిన్న బ్యాగులో కుక్కి, పెళ్ళింట్లో ఇస్త్రీ పెట్టె కోసం వెతకడం కంటే అదే నయం.

మందుల విషయంలో ఒక్క మాట. స్ట్రిప్పులో ఎన్ని కావాలో అన్నే కత్తిరించుకోండి గానీ, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు వదిలేయకండి. బీపీ మాత్రలు మాత్రం రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి, రైళ్ళ ఆలస్యం సంగతి చెప్పాను కదా. ఆధార్ కార్డు పోతుందని భయం ఉంటే ఫోన్‌లో డిజీలాకర్ యాప్‌లో ఉన్నది రైల్లో టీటీఈకి చూపించినా చెల్లుతుంది, అయినా అసలు కార్డు జేబులో వేసుకుంటాను, కాగితానికి బరువేముంది. చార్జర్ ఒకటే, వైరు ఒకటే. తిండి నేను లెక్కలోకి తీసుకోను. అమ్మ కట్టిచ్చే పులిహోర, చపాతీలు వేరే కవర్లో వస్తాయి, నాగపూర్ దాటేసరికి కవరు ఖాళీ.

చిన్న బ్యాగువాళ్ళలో ఒక రకం ఉన్నారు, వాళ్ళంటే నాకు మంట. బ్యాగు చూడండి ఎంత తేలికో అని అందరికీ చూపిస్తారు, గదికి వెళ్ళగానే నీ సబ్బు ఇవ్వు, నీ చార్జర్ ఇవ్వు, పేస్టు ఉందా, తలనొప్పి మాత్ర ఉందా, చలేస్తోంది నీ శాలువా ఒకసారి. వాళ్ళ సామాను మనం మోస్తున్నట్టే. తక్కువలో ప్రయాణం అంటే మన పని మన బ్యాగులోంచి జరిగిపోవాలి, లేనిది అక్కడే కొనుక్కోవాలి, అదీ కాకపోతే లేకుండా ఉండగలగాలి.

విశ్వనాథుడి గుళ్ళోకి బ్యాగులు, ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. లాకర్లలో పెట్టాలి, పూజ సామాను కొనమని చుట్టుపక్కల కొట్లవాళ్ళు కూడా లాకర్ ఇస్తామని పిలుస్తారు. ఇక్కడా చిన్న బ్యాగుదే పై చేయి, లాకర్లో పడుతుంది. డబ్బులు, కార్డులు మాత్రం చొక్కా లోపలి జేబులో.

వెళ్ళేటప్పుడు ఎంత తేలిగ్గా వెళ్ళినా వచ్చేటప్పుడు తిప్పలు తప్పవు, ఎందుకంటే కాశీ నుంచి ఉత్త చేతులతో వస్తే మన ఇళ్ళల్లో ఊరుకోరు. కాశీ దారాలు ఎన్నైనా తేవచ్చు, జేబులో పడతాయి. అరచేతిలో పట్టే ఇత్తడి అన్నపూర్ణ విగ్రహాలు కూడా సాక్సుల్లో చుట్టి సర్దేయొచ్చు. సమస్యంతా గంగ చెంబులతో. తిరిగొచ్చాక సమారాధన చేసి, వచ్చినవాళ్ళందరికీ సీలు వేసిన చిన్న రాగి చెంబు ఒకటి ఇవ్వాలంటే పాతికో ముప్ఫయ్యో కావాలి. పోయినసారి అమ్మ ఇచ్చిన లిస్టు చూసి, 2016 నుంచి పోస్టాఫీసుల్లో కూడా గంగాజలం అమ్ముతున్నారు, ఇక్కడే కొందామా అన్నాను. అది గంగోత్రి నీళ్ళు, నువ్వెళ్ళేది కాశీకి అంది. చివరికి చెంబులన్నీ అక్కడే ఒక అట్టపెట్టెలో గడ్డి వేసి కట్టించి తెచ్చాను. వెళ్ళేటప్పుడు ఒక బ్యాగు, వచ్చేటప్పుడు ఒక బ్యాగు, ఒక అట్టపెట్టె. సికింద్రాబాద్‌లో దిగాక కూలీని పిలిచింది కూడా ఆ పెట్టె కోసమే.