బిల్లు కుర్రాడు, రాండీ మాస్, నేను

ఏటా ఏప్రిల్ ఆఖరున ఒక శుక్రవారం మా ఇంట్లో టీ తెల్లవారకముందే కాగుతుంది. న్యూయార్క్‌లో గురువారం రాత్రి ఎనిమిదైతే మా పర్లాకిమిడిలో శుక్రవారం ఉదయం ఐదున్నర. ఆ వేళకే అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మొదలవుతుంది. గుడ్డల కొట్టు నడుపుకునే యాభై నాలుగేళ్ల మనిషికి ఆ గొడవ ఎందుకంటే, మా అక్క కొడుకు మినియాపొలిస్‌లో ఉన్నాడు. వాడి ఉద్యోగం కంప్యూటర్ల మీద, ప్రాణం మిన్నెసోటా వైకింగ్స్ జట్టు మీద. ఫోను చేసి "మామయ్యా, ఈసారి మావాళ్లు ఎవరిని తీసుకుంటే మంచిదంటావు?" అని అడుగుతాడు, నాకేదో తెలిసినట్టు. వాడు అడగ్గా అడగ్గా నాకు నిజంగానే కొంత తెలిసిపోయింది.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. పేరుకు ఫుట్‌బాలే గాని కాలికన్నా చేతికే ఎక్కువ పని. కళాశాలల్లో ఆడి వచ్చిన కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా, ఏడు విడతల్లో కోరుకుంటాయి. కిందటి ఏడు అట్టడుగున ఉన్న జట్టుది మొదటి వంతు. కోరుకున్న కుర్రాడితో నాలుగేళ్ల ఒప్పందం. ఇందులో ఎన్నేళ్లయినా తెగని పేచీ ఒకటుంది: జట్టులో ఎక్కడ లోటుందో చూసి దాన్ని పూడ్చేవాణ్ని తీసుకోవాలా, లేక లోటు మాట పక్కనపెట్టి మిగిలినవాళ్లలో మేటిని తీసుకోవాలా?

మా వాడిది మేటి పక్షం. కారణం ఒకే ఒక్క మనిషి, రాండీ మాస్. 1998లో వైకింగ్స్ వంతు 21వది. బంతి అందుకునే ఆటగాళ్లు, రిసీవర్లంటారు, క్రిస్ కార్టర్, జేక్ రీడ్ అని ఆ జట్టులో అప్పటికే ఇద్దరు గట్టివాళ్లున్నారు. మూడోవాడు ఎందుకని ఎవరైనా అనుకుంటారు. అయినా మాస్‌ను తీసుకున్నారు. వరసలో ఎనిమిదో వంతు వచ్చిన డాలస్ కౌబాయ్స్ అతన్ని కాదని, ఎదుటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడి, మీదికి దూకే గ్రెగ్ ఎలిస్‌ను కోరుకున్నారు. లోటు ఒక్కటే కాదు లెండి, మాస్ కుర్రతనపు గొడవలు చూసి కూడా చాలా జట్లు జడిశాయి. ఎలిస్ చెడ్డవాడేమీ కాదు, చాలా ఏళ్లు బాగా ఆడాడు. కానీ ఆ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ రోజున వైకింగ్స్ డాలస్ వెళ్లారు. మాస్ మూడంటే మూడుసార్లు బంతి పట్టాడు. 163 గజాలు, మూడు టచ్‌డౌన్లు. పట్టిన ప్రతి బంతీ గీత దాటింది. మా వాడు ఈ లెక్కను తన బ్యాంకు ఖాతా నంబరుకన్నా తడబడకుండా చెబుతాడు.

ఆ ఏడు వైకింగ్స్ పదహారు ఆటల్లో పదిహేను గెలిచి, 556 పాయింట్లతో అప్పటికి రికార్డు కొట్టి, ఆఖరి మెట్టు ముందు అట్లాంటా చేతిలో ఓడిపోయారు. బంతిని గోలు కమ్మీల మధ్యకు తన్నడంలో, ఫీల్డ్ గోల్ అంటారు, సీజనంతా ఒక్కసారి కూడా తప్పని కిక్కరు ఆ రోజే తప్పాడు. ఈ భాగం మా వాడు చెప్పడు, నేను గుర్తుచేయాలి.

నాది లోటు పక్షం. వ్యాపారస్తుణ్ని, కొట్లో ఏ రకం అయిపోయిందో చూసి ఆ రకమే తెప్పిస్తాను. చీరలు నిండుగా ఉండి లుంగీలు అయిపోయినప్పుడు, బరంపురం పట్టు ఎంత బాగున్నా మళ్లీ అదే తెస్తే అప్పులవాడు ఊరుకుంటాడా? మా వాడితో ఏళ్ల తరబడి ఇదే వాదించాను. నా వాదనకు చిల్లు పడింది మాత్రం నా కొట్లోనే.

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. అంతవరకు చిత్తు పుస్తకం మీద నడిచిన కొట్టుకు ఒక్కసారిగా కంప్యూటర్ బిల్లు కావలసివచ్చింది. నాకు మౌసు పట్టుకోవడమే రాదు. అదే నెలలో ఇద్దరు కుర్రాళ్లు పనికి వచ్చారు. ఒకడు బీకాం, బిల్లింగ్ నేర్చుకుని వచ్చాడు. రెండోవాడు పది తప్పాడు గాని తెలుగు, ఒడియా, సవర మూడూ గడగడా మాట్లాడతాడు. ఆ రోజు గుమ్మ ఊరి వైపు నుంచి వచ్చిన ఒక సవర ముసలమ్మ గడపలోనే నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తోంది. వాడు ఇంకా నాతో జీతం మాట్లాడుతూనే ఆమెతో ఏదో రెండు మాటలన్నాడు. ఆమె నవ్వి, చెప్పులు విప్పి లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. మూడు దుప్పట్లు కొనుక్కుని వెళ్లింది.

ఇంత కళ్లెదుట జరిగాక కూడా నేను బీకాం కుర్రాణ్ని పెట్టుకున్నాను. నా లోటు బిల్లు. అమ్మకానికి నేనున్నాను, మా తమ్ముడున్నాడు, ఇంకో మనిషి దండగ అనుకున్నాను. మూడు భాషల కుర్రాడు ఎదురు కొట్లో చేరాడు. ఏడాదిన్నర తిరిగేసరికి బిల్లు కొట్టడం మా ఆవిడకు కూడా వచ్చేసింది, పన్ను కాగితాలు చూడటానికి నెలకు రెండుసార్లు వచ్చే లెక్కల మనిషి దొరికాడు. నా లోటు తీరిపోయింది. ఎదురు కొట్టు ముందు మాత్రం ఇప్పటికీ క్రిస్మస్‌కు ముందు రెండు వారాలు కొండల నుంచి దిగిన వాళ్ల జీపులు వరసగా ఆగుతాయి. బిల్లు కుర్రాడు మంచివాడు, నా దగ్గరే ఉన్నాడు, వాణ్ని ఒక్క మాట అనలేను. తప్పు వాడిది కాదు.

అప్పటి నుంచి నాకొక అనుమానం పట్టుకుంది. లోటు ఆయుష్షు ఎంత? ఈ ఏడు గుండె గాభరా పెట్టిన ఖాళీ, వచ్చే ఏడుకు వేరే చోటికి జరుగుతుంది. ఒకడి మోకాలు పోతుంది, ఒకడు ఇంకో జట్టుకు పోతాడు. ఏప్రిల్లో కోరుకున్నవాడు మాత్రం నాలుగేళ్లు మన గుమ్మంలోనే ఉంటాడు. మా వాడు పగవాళ్లుగా చూసే గ్రీన్ బే జట్టువారు ఈ సంగతి బాగా ఎరుగుదురు. క్వార్టర్‌బ్యాక్‌గా బ్రెట్ ఫార్వ్ దివ్యంగా ఆడుతుండగానే 2005లో 24వ వంతులో ఆరన్ రాడ్జర్స్‌ను తెచ్చి మూడేళ్లు కూర్చోబెట్టారు. 2008లో ఆట అతని చేతికొచ్చింది, 2011 ఫిబ్రవరిలో లీగు ఆఖరి పోటీ, సూపర్ బౌల్, గెలిచారు. 2020లో అదే రాడ్జర్స్‌కు రిసీవరు కావాలని అందరూ మొత్తుకుంటుంటే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను, జోర్డన్ లవ్‌ను తెచ్చారు. రాడ్జర్స్ ఆ ఏడూ, మరుసటి ఏడూ లీగులోకెల్లా ఉత్తముడిగా నిలిచాడు. లవ్ చేతికి ఆట 2023లో గాని రాలేదు. గ్రీన్ బే మాట ఎత్తితే మా వాడు ఫోను పెట్టేస్తాడు.

అయితే మేటి పక్షం వాళ్లకు నేను డెట్రాయిట్ చూపిస్తాను. 2003లో రెండో వంతులో రిసీవరు. 2004లో ఏడో వంతులో రిసీవరు. 2005లో పదో వంతులో మళ్లీ రిసీవరు, మైక్ విలియమ్స్. ఆ వెంటనే పదకొండో వంతులో, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే డీమార్కస్ వేర్‌ను డాలస్ పట్టుకుపోయింది. 2007లో డెట్రాయిట్‌కు కాల్విన్ జాన్సన్ దొరికాడు, అతను నిజంగా మేటే. అయినా 2008లో ఆడిన పదహారు ఆటలూ ఓడిపోయారు. కొట్టు నిండా అమ్మేవాళ్లే, గల్లాపెట్టె దగ్గర ఎవరూ లేరు.

అసలు మేటి ఎవరో చెప్పేదెవరు? చిన్నప్పుడు మేము జట్లు కట్టేటప్పుడు ఇద్దరిద్దరు దూరం పోయి, చెవిలో పేర్లు పెట్టుకుని వచ్చి "పువ్వు కావాలా, ముల్లు కావాలా?" అని నాయకుణ్ని అడిగేవాళ్లం. ఎవరు పువ్వో ఎవరు ముల్లో అతనికి తెలియదు. అమెరికావాళ్లు కుర్రాడి పరుగు, ఎత్తు, అరచేతి వెడల్పు దాకా కొలిచి కోరుకుంటారు. అయినా కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ఆచార్యులు లెక్క తీస్తే తేలిందేమిటి? ఒకే స్థానంలో ఆడే ఇద్దరు ఒకరి వెనక ఒకరు ఎంపికైనప్పుడు, ముందు ఎంపికైనవాడే మెరుగుగా నిలిచింది నూటికి సుమారు 52 సార్లు. అంటే దాదాపు మా పువ్వూ ముల్లూ ఆటే. పక్కపక్కనున్న ఇద్దరిలో లోటుకు పనికొచ్చేవాణ్ని తీసుకుంటే పోయేదేమీ లేదు. ఆ ముసలమ్మను రెండు మాటలతో లోపలికి రప్పించినవాడు వచ్చినప్పుడు మాత్రం తేడా కొలవడానికి ఆచార్యులు అక్కర్లేదు. నేను తప్పింది అక్కడ.

ఈ డ్రాఫ్ట్ మొదటిసారి జరిగింది 1936 ఫిబ్రవరి 8న, ఫిలడెల్ఫియాలో. అందరికన్నా ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగులో ఒక్క ఆటా ఆడలేదు. అదే ఏడు ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మా ఊరు ఆ వంతుకు వచ్చింది. మమ్మల్ని లోటు చూసి కోరుకున్నారో, మేటి అని కోరుకున్నారో మా తాత బతికుంటే అడిగేవాణ్ని.

మొన్న మంగళవారం పాతపట్నం నుంచి ఒకామె కూతురితో వచ్చింది. పదకొండు చీరలు విప్పించి, ఒక్కటీ నచ్చక లేచింది. పిల్ల లేవలేదు. విప్పిన చీరలను ఒక్కొక్కటిగా దగ్గరకు తీసుకుని, పాత మడతల గీతల వెంటే వేళ్లు నడిపి, అంచు మీద అంచు ఆనించి, ముడత లేకుండా మడిచిపెట్టింది. మా తమ్ముడికి ఇరవై ఏళ్లుగా ఆ మడత కుదరదు, ఒకసారి విప్పిన చీర వాడి చేతిలో దిండులా ఉబ్బుతుంది. ఆ పిల్ల ఇంటరు అయిపోయి ఖాళీగా ఉందట. ఇప్పుడు నా కొట్లో ఏ ఖాళీ లేదు. సోమవారం నుంచి రమ్మన్నాను.

ఎక్కడ కూర్చోబెడతారని మా ఆవిడ అడిగింది. బిల్లు కుర్రాడి బల్ల ఒక మూర అటు జరపమన్నాను.