సద్దుల బతుకమ్మ రోజు ప్లేట్‌లెట్లు ఇచ్చి వచ్చాను

నాకు రక్తం ఇవ్వాలని కాలేజీ రోజుల నుంచీ ఉంది, కానీ ఇద్దామని వెళ్తే నాకే సరిపడా లేదని వెనక్కి పంపేవాళ్లు. మన దేశంలో రక్తం ఇవ్వాలంటే ఆడవాళ్లయినా మగవాళ్లయినా హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. నాది ఎప్పుడు చూసినా పదకొండు, పదకొండున్నర దగ్గరే తిరిగేది. ఆఫీసులో క్యాంపు పెట్టినప్పుడల్లా ఇదే తంతు. వేలి మీద పొడుస్తారు, చుక్క తీసి చూస్తారు, "మీరు బాగా తినండి మేడం" అని ఒక ఫ్రూటీ చేతిలో పెట్టి పంపేస్తారు. వెనక లైన్లో ఉన్నవాళ్లు జాలిగా చూస్తారు.

చివరికి ఒక డాక్టరమ్మ దగ్గర సరిగ్గా చూపించుకుని ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను. తోటకూర, గోంగూర, నువ్వుల లడ్డూలు ఎలాగూ మా అమ్మ లిస్టులో ఎప్పుడూ ఉండేవే. కానీ అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదని, మాత్ర నిమ్మరసంతోనో జామకాయతోనో వేసుకుంటే బాగా పడుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. భోజనం అవ్వగానే టీ లేకపోతే తల పగిలిపోయే రకం నేను, ఆ అలవాటు మార్చుకోవడం సూది కంటే కష్టమైంది. మాత్రలు వాడితే విరేచనం నల్లగా వస్తుందని కూడా ముందే చెప్తే బాగుండేది, మొదటి వారం అదేంటో అని గూగుల్లో వెతికి వెతికి సగం చచ్చాను. నెలలు పట్టింది కానీ మొత్తానికి పదమూడు దాటింది.

ఇదంతా జరిగాక దసరా సెలవులు వచ్చాయి. హనుమకొండ వెళ్లాలని బ్యాగు సర్దుకుని పెట్టుకున్నాను, సద్దుల బతుకమ్మకి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చని ప్లాన్. ఆ రోజు పొద్దున వాట్సాప్‌లో ఒక మెసేజ్. ఇలాంటివి రోజూ వస్తూనే ఉంటాయి కదా, సగం వాటికి తేదీ ఉండదు, ఆసుపత్రి పేరు ఉండదు, ఎప్పుడో రెండేళ్ల కిందటి మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఫోన్ చేస్తే "అన్నా, ఆ పేషెంటు ఎప్పుడో డిశ్చార్జ్ అయ్యాడు" అంటారు. ఇందులో మాత్రం తేదీ, ఆసుపత్రి, వార్డు, గ్రూపు, ఎన్ని గంటల్లోపు కావాలి, పేషెంటు అన్న నంబరు, అన్నీ ఉన్నాయి. బి పాజిటివ్, ఎస్‌డీపీ కావాలి అని రాశారు, అంటే ఒక్కరి దగ్గరే మెషీన్‌తో తీసే ప్లేట్‌లెట్లు. పంపింది కూడా తెలిసిన ఫ్రెండే, వాళ్ల ఆఫీసులో అబ్బాయి తమ్ముడికట, బ్లడ్ క్యాన్సర్, కీమో నడుస్తోంది, రక్తం గడ్డకట్టించే ఈ కణాలు ఎనిమిది వేలకు పడిపోయాయి, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది.

బి పాజిటివ్ అంటే వీధికి నలుగురు దొరుకుతారు, పండగ రోజు తప్ప. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఇరవై మందికి పైనే చేశాను అక్కా, అందరూ ఊళ్లలో ఉన్నారు" అన్నాడు. క్యాంపులు ఎక్కువగా కాలేజీల్లో, ఆఫీసుల్లో పెడతారు, సెలవులకి అవి మూతపడతాయి, ఇచ్చేవాళ్లు బస్సులెక్కి ఊళ్లకు పోతారు. ఎర్ర కణాలైతే ఫ్రిజ్‌లో నెల పైనే నిలవుంటాయి కాబట్టి ఎలాగోలా సర్దుకుంటారు. ప్లేట్‌లెట్లు మాత్రం అయిదు రోజులే. అదీ ఫ్రిజ్‌లో కాదు, 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఒక మెషీన్ మీద ఊపుతూనే ఉండాలి. పండగకి ముందే తీసి దాచుకుందామంటే కుదరదన్నమాట. దానికి తోడు దసరా అంటే వానలు తగ్గి దోమలు పెరిగే టైమ్, డెంగీ కేసులతో ఉన్న కాస్త ప్లేట్‌లెట్లూ అయిపోతాయి.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏంది బిడ్డా, సద్దుల బతుకమ్మకు రాకుంటె ఎట్ల? నీ కోసం పొద్దుగాలనే తంగేడు పువ్వు తెప్పిచ్చిన" అంది. "మొన్నటిదాంక నీకే రక్తం లేదంటివి, ఇప్పుడు ఊరందరికి పంచుతవా?" అని కూడా అంది. నేనేదో చెప్పబోతుంటే తనే మళ్లీ, "సరే, పోతె తిని పో, ఖాళీ కడుపుతోని పోకు" అని పెట్టేసింది. తినకుండా వెళ్తే అక్కడ వాళ్లు కూడా తీసుకోరు, ఈ విషయంలో మా అమ్మ, బ్లడ్ బ్యాంకు ఒకే మాట మీద ఉన్నారు. ఇడ్లీలు గట్టిగా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఆటో ఎక్కాను.

నేను అనుకున్నదేంటంటే వెళ్లగానే పడుకోబెట్టి సూది గుచ్చుతారని. సగం రోజు ఎదురుచూడడంలోనే పోయింది. ముందు ఒక పెద్ద ఫారం. ఈమధ్య కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు వేయించుకున్నారా, యాంటీబయాటిక్స్ వాడుతున్నారా, నిన్న రాత్రి మందు తాగారా, నెలసరి ఎప్పుడొచ్చింది, ఇలా. మూడు రోజుల్లోపు యాస్పిరిన్ వేసుకున్నారా అని మాత్రం రెండుసార్లు అడిగారు, ఎందుకంటే ఆ మాత్ర వేసుకుంటే ప్లేట్‌లెట్లు సంఖ్యలో ఉన్నా పని చేయవట. తర్వాత బరువు, బీపీ, వేలి మీద పొడవడం. 12.9 అని చెప్పినప్పుడు నేను పరీక్ష పాసైనంత సంబరపడ్డాను, ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాక నా వైపు చూసింది.

అక్కడితో అయిపోలేదు. నరాలు చూశారు, ప్లేట్‌లెట్ మెషీన్‌కి సూది కాస్త లావుది కాబట్టి మోచేతి దగ్గర నరం బాగా కనపడాలి. ఆడవాళ్లని చాలామందిని ఇక్కడే వద్దంటారట, సన్నగా ఉంటాయని. నా ఎడమ చేతిని తట్టి, నొక్కి, పిడికిలి బిగించమని, టెక్నీషియన్ ఇంకొకాయన్ని కూడా పిలిచి చూపించి, సరే అన్నాడు. అప్పుడు రక్తం శాంపిల్ తీసుకుని బయట కూర్చోమన్నారు. నా ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేల పైన ఉండాలి, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అన్నీ ముందే అయిపోవాలి. రెండు గంటలు పట్టింది.

ఆ రెండు గంటలూ పేషెంటు అన్న నా పక్కనే కూర్చున్నాడు. పాపం ఏం మాట్లాడాలో తెలీక టీ తేనా అక్కా, కొబ్బరి నీళ్లు తేనా అక్కా అని అడుగుతూనే ఉన్నాడు. ఎస్‌డీపీ ఎందుకని నేను అడిగితే, ఇన్ని రోజుల్లో తను నేర్చుకున్నదంతా చెప్పాడు. మామూలుగా ఒకరు ఇచ్చిన బ్యాగులోంచి వచ్చే ప్లేట్‌లెట్లు పెద్దవాళ్లకి చాలవు, నలుగురైదుగురివి కలపాలి. మెషీన్‌తో తీస్తే ఒక్కరి దగ్గరే అంత వస్తుంది. వాళ్ల తమ్ముడికి ఇవి ఒకసారి ఎక్కిస్తే అయిపోయే పని కాదు, కీమో వల్ల ఎముక మూలుగులో కొత్తవి తయారవ్వవు కాబట్టి మళ్లీ పడిపోతాయి, మళ్లీ ఎవరినో వెతకాలి. డెంగీ వాళ్లకి ఎవరైనా పరిగెత్తుకొస్తారు అక్కా, మాకు నెలలకొద్దీ కావాలి కదా, అందరికీ విసుగొస్తుంది అన్నాడు. నేనేం అనలేకపోయాను.

ఇంతలో జేబులోంచి అయిదొందల నోటు తీసి, ఆటో ఛార్జీలకి అని నా చేతిలో పెట్టబోయాడు. కౌంటర్లో ఉన్న ఆవిడ చూసి, "బాబూ, ఇక్కడ డబ్బులు ఇవ్వకూడదు" అని గట్టిగానే అంది. డబ్బుకి రక్తం ఇవ్వడం సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆగిపోయింది. బ్లడ్ బ్యాంకు వాళ్లు కూడా రక్తం ఖరీదు తీసుకోకూడదు, పరీక్షలకి, కిట్‌కి అయ్యే ఖర్చే తీసుకోవాలి. ప్లేట్‌లెట్ కిట్ ఒకసారి వాడి పారేసేది కాబట్టి ఆ ఖర్చే వేలల్లో ఉంటుంది. నరం దొరక్క మధ్యలో ఆగిపోతే కిట్ దండగ. అందుకే నా చెయ్యిని అంతసేపు చూశారని అప్పుడు అర్థమైంది.

రిపోర్టులు వచ్చాక లోపల పెద్ద కుర్చీలో పడుకోబెట్టారు. సూది గుచ్చినప్పుడు నొప్పి ఉంది, లేదని అబద్ధం చెప్పను, ఒక పది సెకన్లు గట్టిగానే అనిపించింది, తర్వాత ఏమీ లేదు. రక్తం పైపులోంచి మెషీన్‌లోకి వెళ్తుంది, అక్కడ గిరగిరా తిరుగుతుంది, కవ్వంతో చిలికితే వెన్న విడిపోయినట్టు ప్లేట్‌లెట్లు విడిపోతాయి, మిగిలిన రక్తం మళ్లీ అదే సూదిలోంచి మన ఒంట్లోకి వచ్చేస్తుంది. ఇలా తీసుకోవడం, ఇవ్వడం, తీసుకోవడం, ఇవ్వడం. తీసుకుంటున్నప్పుడు చేతిలో ఉన్న రబ్బరు బంతి నొక్కుతూ ఉండాలి, తిరిగి ఇస్తున్నప్పుడు ఆపేయాలి. తిరిగొచ్చే రక్తం చల్లగా ఉంటుంది, చెయ్యి లోపల చల్లదనం పాకడం తెలుస్తుంది, అదొక్కటి కొంచెం విచిత్రంగా అనిపించింది.

సగం అయ్యేసరికి పెదాలు తిమ్మిరెక్కాయి. టెన్షన్ పడ్డాను. టెక్నీషియన్ మాత్రం, "ఏం కాదు మేడం, క్యాల్షియం" అని నమిలే మాత్ర రెండు ఇచ్చాడు. రక్తం పైపుల్లో గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు, అది కొంచెం ఒంట్లోకి వచ్చి అక్కడి క్యాల్షియంని పట్టేసుకుంటుంది, అందుకే ఆ తిమ్మిరి. స్పీడు తగ్గించాడు, అయిదు నిమిషాల్లో పోయింది. ఇది ముందే తెలిస్తే ఎవరూ భయపడరు కదా, ఆ పెద్ద ఫారంలోనే ఒక లైను రాయొచ్చు. అసలు ఇబ్బందల్లా ముక్కు దురద. ఒక చెయ్యి కదపకూడదు, ఇంకో చేతిలో ఫోన్, ఫోన్లో అమ్మ, "అయిపోయిందా? కండ్లు తిరుగుతున్నయా?" అని అడుగుతూనే ఉంది.

గంటా పావు పట్టింది. చివర్లో బ్యాగు చూపించారు. నేను ఎర్రగా ఉంటుందనుకున్నాను, లేత పసుపు రంగులో ఉంది. ఆ అబ్బాయి దాన్ని రెండు చేతులతో చూసి, ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, బ్యాగుది మాత్రమే తీసుకున్నాడు, నాది తీయలేదు, ఆ మర్యాద నాకు నచ్చింది. నా ఒంట్లో ఇవి రెండు మూడు రోజుల్లో మళ్లీ తయారవుతాయట. రూలు ప్రకారం 48 గంటల గ్యాప్ ఉంటే మళ్లీ ఇవ్వొచ్చు, ఏడాదికి 24 సార్లకు మించకూడదు. మామూలు రక్తమైతే ఆడవాళ్లకి నాలుగు నెలలు ఆగాలి.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద బతుకమ్మ ఆడారు. మోచేతి దగ్గర నీలంగా కమిలింది, చప్పట్లు సరిగ్గా కొట్టలేక సగం సగం కొట్టాను. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది, ఎవరింటివి వాళ్లు తెచ్చి పంచారు, నేను మలీద ముద్దలు లెక్క లేకుండా తిన్నాను. మర్నాడైనా ఊరికి పోదామంటే, మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి పండగప్పుడు ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కడమంటే యుద్ధమే, బరువు ఎత్తొద్దన్న చేత్తో ఆ పని నా వల్ల కాదనిపించింది. అలా ఊరు తప్పిన వాళ్లమంతా దసరాకి ఒకచోట చేరాం.

కరీంనగర్ ఫ్రెండ్ మటన్ వండింది, బగారా అన్నం చేసింది. గుంటూరు ఫ్రెండ్ గారెలు వేస్తూ, మా ఇంట్లో అయితే ఈ నవరాత్రులంతా ముక్క ముట్టరే అని అంటూనే మొదటి ప్లేటు తనే పెట్టుకుంది. కార్జం మొత్తం నా ప్లేట్లోకే వచ్చింది, రక్తం పడుతుందట. ప్లేట్‌లెట్లు తీశారే గానీ రక్తం దాదాపు మొత్తం తిరిగిచ్చేశారని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు, నేనూ గట్టిగా చెప్పలేదు, కార్జం బాగుంది. తింటూ తింటూ ఎవరి గ్రూపు ఏంటో చెప్పుకున్నాం. ఒకతను మొన్ననే పచ్చబొట్టు వేయించుకున్నాడు కాబట్టి ఏడాది దాకా పనికిరాడు. గుంటూరు పిల్లది బి పాజిటివ్. పేషెంటు అన్న నంబరు తీసుకుని, వచ్చే వారం నేను వెళ్తాను, కానీ సూది అప్పుడు నువ్వు పక్కనే ఉండాలి అంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి సరే అన్నాను.

ఆ రాత్రే మెసేజ్ వచ్చింది, ఎక్కించాక తమ్ముడి కౌంట్ నలభై వేలకు చేరిందని, చిగుళ్ల నుంచి రక్తం ఆగిందని. అమ్మకి చెప్పడానికి ఫోన్ చేస్తే ఆమె నా మాట పూర్తిగా విననేలేదు, "అది సరే గని, మన వెనకింటోళ్ల పిల్లగానికి డెంగీ అంట, ఓ పాజిటివ్ కావాల్నట, మీ దోస్తులల్ల ఎవలన్న ఉన్నరా అడుగు" అంది.