మేనేజర్ నుంచి కోచ్ దాకా: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నా రెండేళ్లు

గుంటూరులో ఇంటర్మీడియట్ మొదలు ఇంజనీరింగ్ ముగిసేదాకా ఆరేళ్లపాటు బాస్కెట్‌బాల్ ఆడాను. సాయంత్రం ఐదున్నర దాటితే గాని చల్లబడని సిమెంటు కోర్టు మాది. ఆ ఆరేళ్లలో నాకు ఆట నేర్పినవారందరూ పురుషులే. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రైల్లో వెళ్లేటప్పుడు మాత్రం మా వెంట ఒక మేడం వచ్చేవారు. ఆమె రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, బాస్కెట్‌బాల్‌తో ఆమెకు ఏ పరిచయమూ లేదు. కాగితాల మీద ఆమె హోదా 'మేనేజర్'. ఆట చెప్పడానికి పీడీ సార్, ఆడపిల్లలకు తోడుగా మేడం అన్న ఆ ఏర్పాటు నాకు ఎంత సహజంగా కనిపించిందంటే, ఆటలో దిట్ట అయిన స్త్రీ ఒకరు సార్ స్థానంలో నిలబడవచ్చునన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

2022 ఆగస్టులో డేటా ఎనలిటిక్స్‌లో ఎంఎస్ చేయడానికి ఇండియానా రాష్ట్రానికి వచ్చాను. ఇక్కడ ఇళ్ల వాకిళ్లలోనూ పొలాల పక్క కొట్టాల గోడలకూ బాస్కెట్‌బాల్ రింగులు కనిపిస్తాయి. మా విశ్వవిద్యాలయం చిన్నదే అయినా దాని జట్లు కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లో ఆడతాయి. క్యాంపస్‌లో ఏదో ఒక పని చూసుకోవాలి కాబట్టి మహిళా జట్టు కార్యాలయానికి మూడు ఈమెయిళ్లు రాశాను. జవాబు రాకపోవడంతో నాలుగోసారి నేరుగా వెళ్లాను. జట్టు నిర్వహణ చూసే అధికారిణి నన్ను రెండే ప్రశ్నలు అడిగారు: ఏ స్థానంలో ఆడేదానివి, ఉదయం ఆరు గంటలకు రాగలవా? బంతిని నడిపించి ఆట సాగించే పాయింట్ గార్డ్‌నని, రాగలనని చెప్పాను. అలా స్టూడెంట్ మేనేజర్‌ను అయ్యాను. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవారు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు గనుక, గంటల లెక్క మొదటి రోజు నుంచే జాగ్రత్తగా రాసుకున్నాను.

పని ఏమిటంటే, కోర్టు మీద పడిన చెమటను తుడవడం, నీళ్ల సీసాలు నింపడం, షూటింగ్ చేసేవారికి బంతులు అందించడం, ప్రాక్టీస్ దుస్తులు ఉతికించడం, పై అంతస్తు నుంచి వీడియో తీసి రాత్రికి దాన్ని ముక్కలుగా విడగొట్టి పేర్లు పెట్టడం. ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అంత దూరం వెళ్లింది బంతులు ఏరడానికా అమ్మలూ?" అని నెమ్మదిగా అడిగింది. నాన్న మాత్రం ఫోన్ తీసుకుని, "వీడియో పని బాగా నేర్చుకో" అన్నారు.

చేరిన రోజే నా చేత ఒక నిబంధనల పత్రం మీద సంతకం చేయించారు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం మేనేజర్ పూర్తికాల విద్యార్థి అయి ఉండాలి. ప్రాక్టీసులో డ్రిల్లులకు సాయపడవచ్చు, కానీ క్రీడాకారులకు ఆట గురించి సూచనలు ఇవ్వకూడదు. చదివినప్పుడు ఇది చిన్న విషయంగానే తోచింది. దాని బరువు తెలిసింది ఆ చలికాలంలో.

మా జట్టులో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు ఉండేవారు. వేగం, ధైర్యం, ఓపిక అన్నీ ఉన్న అమ్మాయి. ప్రత్యర్థి షూటర్ చేతికి బంతి చేరగానే ఆమె మీదికి పరుగెత్తి వెళ్లేది, అంతవరకు సరైనదే. కానీ చివరి రెండు అడుగులను చిన్నవి చేసి, నడుము దించి, ఒక పాదం ముందుకు వేసి ఆగడానికి బదులు రెండు పాదాలూ ఒకే గీత మీద పడేలా నిటారుగా ఆగిపోయేది. అలా ఆగిన మనిషిని దాటడానికి ప్రత్యర్థికి ఒక్క డ్రిబుల్ చాలు. నాలుగు మ్యాచ్‌ల వీడియోలో ఆమె అలా వెళ్లిన 19 సందర్భాలు దొరికాయి, వాటిలో 11 సార్లు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వైపు నుంచే ఆమెను దాటిపోయారు. తప్పు ఆమె పాదాల్లో కనిపిస్తోంది. నేను రెండు గజాల దూరంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను, చెప్పే అధికారం నాకు లేదు. ఆ 11 ముక్కలను ఒక ఫైలులో పెట్టి అసిస్టెంట్ కోచ్‌కు పంపాను. ఆయన చూసి, బాగుంది అని మెచ్చుకుని, జట్టు సమావేశంలో చూపించారు. అయితే తెర మీద చూసిన తప్పు కాళ్లలో మారాలంటే పక్కన నిలబడి ప్రతిసారీ చెప్పే మనిషి ఉండాలి.

అదే సెమిస్టర్‌లో జట్టుతో చేరిన ఒక మిత్రుని గురించి ఇక్కడ చెప్పాలి. అమెరికాలో మహిళల కాలేజీ జట్లు ప్రాక్టీసులో మగ విద్యార్థులను ప్రత్యర్థులుగా ఆడిస్తాయి, వారిని ప్రాక్టీస్ ప్లేయర్లు అంటారు. నా మిత్రుడు వారిలో ఒకడు. రాబోయే ప్రత్యర్థి జట్టు ఎత్తుగడలను వారు నేర్చుకుని మన అమ్మాయిల మీద ఆడతారు. అందువల్ల కోచ్‌లు రోజూ వారితో ఆట గురించి మాట్లాడతారు, వారి బుర్ర ఎలా పనిచేస్తుందో గమనిస్తారు. ఏడాదిన్నర తిరిగేసరికి నా మిత్రునికి వేరే విశ్వవిద్యాలయపు మహిళా జట్టులో వీడియో ఉద్యోగం వచ్చింది. అతను కష్టపడి సంపాదించుకున్నదే అది. నా దరఖాస్తులు దిద్దిపెట్టినవాడూ అతనే. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మా జిమ్ పక్క తలుపు పురుషుల జట్టుది. నేను అక్కడ ఉన్న నాలుగు సెమిస్టర్లలో ఆ జట్టు కోచింగ్ సిబ్బందిలో ఒక్క స్త్రీ కూడా లేరు. మా వైపు నలుగురు కోచ్‌లలో ఇద్దరు పురుషులు. ఆ వరండాలో మగవారు ఇటు రావడానికి దారి ఉంది, ఆడవారు అటు వెళ్లడానికి లేదు.

ఇది మా జిమ్‌కు మాత్రమే పరిమితమైన సంగతి కాదని చదివే కొద్దీ తెలిసింది. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972 జూన్‌లో వచ్చింది. దానికి ముందు కాలేజీ మహిళా జట్లలో 90 శాతానికి పైగా స్త్రీల శిక్షణలోనే ఉండేవి. బ్రూక్లిన్ కాలేజీకి చెందిన వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ దశాబ్దాలపాటు చేసిన లెక్కల ప్రకారం 2014 నాటికి అది సుమారు 43 శాతానికి పడిపోయింది. బాస్కెట్‌బాల్‌లో కాస్త మెరుగు, అప్పటికి పదింట ఆరు జట్లకు స్త్రీలే కోచ్‌లు. చట్టం ఆడే అమ్మాయిల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచింది, నేర్పే స్త్రీల వాటాను మాత్రం కాపాడలేదు. ఎందుకంటే అంతకుముందు ఆ పని దాదాపు జీతం లేనిది. 1974లో 22 ఏళ్ల పాట్ సమ్మిట్ టెనెసీ విశ్వవిద్యాలయంలో ప్రధాన కోచ్ అయినప్పుడు ఆమెకు నెలకు 250 డాలర్లు ఇచ్చేవారు, జట్టు దుస్తులు ఆమే ఉతికేవారు, వ్యాన్ ఆమే నడిపేవారు. డబ్బు, హోదా వచ్చాక అవి పురుషులు కోరుకునే ఉద్యోగాలు అయ్యాయి. స్త్రీలు విడిగా నడుపుకున్న క్రీడా విభాగాలు పురుషుల విభాగాల్లో కలిసిపోయాయి, నియమించే కుర్చీలో కూడా ఎక్కువగా పురుషులే కూర్చున్నారు. సమ్మిట్ 38 సీజన్లలో 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు సాధించారు. ఆమె దుస్తులు ఉతికారన్న వాక్యం చదివిన రోజు నేను కూడా జట్టు దుస్తుల బుట్ట పక్కనే కూర్చుని ఉన్నాను.

మా రాష్ట్రంలోనే ఉన్న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు అప్పటి కోచ్ మఫెట్ మెక్‌గ్రా 2019లో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల జాతీయ పోటీ) సమయంలో ఒక మాట అన్నారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఉద్యోగాలు దాదాపు అన్నీ పురుషులకే పోతున్నప్పుడు మహిళల జట్లలో ఉద్యోగాలు స్త్రీలకే ఎందుకు దక్కకూడదని ఆమె ప్రశ్న. మొదటిసారి విన్నప్పుడు ఇది అన్యాయమనిపించింది. ప్రతిభను చూడాలి గాని స్త్రీ, పురుషుడు అని చూడడమేమిటి అనుకున్నాను. యూకాన్ (కనెటికట్ విశ్వవిద్యాలయం) మహిళా జట్టును 1985 నుంచి నడుపుతున్న జీనో ఆరియెమ్మా వంటివారు ఈ ఆటకు చేసిన మేలు తక్కువేమీ కాదు కదా అని కూడా వాదించాను. నా అభిప్రాయం మారింది ఉద్యోగ దరఖాస్తులు పంపిన నెలల్లో.

2023 డిసెంబరు నుంచి మే దాకా 27 దరఖాస్తులు పంపాను. వాటిలో 9 పురుషుల జట్లవి. వీడియో, గణాంకాల పని ఏ జట్టుకైనా ఒక్కటే. బంతి చుట్టుకొలత పురుషులకు 29.5 అంగుళాలు, స్త్రీలకు 28.5. వారు ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడితే వీరు పది నిమిషాల చొప్పున నాలుగు ఆడతారు. షాట్ క్లాక్, అంటే బంతిని రింగు వైపు వేయడానికి ఉన్న గడువు, ఇద్దరికీ 30 సెకన్లే. స్క్రీన్ పెట్టినప్పుడు, అంటే ఒకరు ప్రత్యర్థి దారికి అడ్డంగా నిలిచినప్పుడు, డిఫెన్స్ ఎలా కదలాలో అర్థం చేసుకోవడానికి ఆడుతున్నది ఎవరన్నది అడ్డు కాదు. ఆ తొమ్మిదింటిలో ఒక్కచోట నుంచే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. అరగంట బాగానే సాగాక ఒకాయన, "మా కుర్రాళ్ల లాకర్ రూమ్ సంగతి ఎలా చూసుకుంటారు?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు రెండేళ్లుగా తెలుసు, ఎందుకంటే అది రోజూ నా పనే. మా పురుష కోచ్‌లు లోపలికి వెళ్లే ముందు తలుపు బయట ఆగేవారు, నేను లోపలికి వెళ్లి అందరూ దుస్తులు మార్చుకున్నారని చూసి తలుపు తీసేదాన్ని. దేశమంతటా మహిళా జట్లలో పనిచేసే పురుషులు అలాగే చేస్తున్నారు. అదే చెప్పాను. ఆయన తల ఊపారు, కృతజ్ఞతలు చెప్పారు, మరో వారానికి వేరొకరిని తీసుకున్నామని ఈమెయిల్ వచ్చింది. నాకంటే అనుభవం ఉన్నవారినే తీసుకుని ఉండవచ్చు. కానీ మహిళా జట్టుకు దరఖాస్తు చేసిన నా మిత్రుణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. 1990లో కెంటకీ విశ్వవిద్యాలయపు పురుషుల జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా బెర్నడెట్ మాటాక్స్ పనిచేశారు. 1995లో న్యూయార్క్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో కెరీ-ఆన్ మెక్‌టియర్నన్ పురుషుల జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. దారి చూపిన స్త్రీలు ముప్పై ఏళ్ల క్రితమే ఉన్నా ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది. సగం ఉద్యోగాల తలుపు మనకు మూసి ఉన్నప్పుడు మిగిలిన సగంలోనైనా మనకు ముందు చోటు ఇవ్వాలన్న మెక్‌గ్రా వాదనలో నాకు ఇప్పుడు అన్యాయం కనిపించదు.

2024 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో మహిళల ఫైనల్ ఫోర్ జరిగింది. మహిళా జట్ల కోచ్‌ల సంఘం వార్షిక సమావేశం కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ఇద్దరు మేనేజర్లతో కలిసి కారులో వెళ్లాను. నాలుగు జట్ల ప్రధాన కోచ్‌లలో ఇద్దరు స్త్రీలు, వారిద్దరి జట్లే ఫైనల్‌కు చేరాయి. డాన్ స్టేలీ శిక్షణలోని సౌత్ కరోలినా, లిసా బ్లూడర్ శిక్షణలోని ఐయోవాను 87-75తో ఓడించి 38-0తో సీజన్ ముగించింది. ఆ ఫైనల్‌ను టీవీలో కోటీ ఎనభై లక్షలకు పైగా చూశారు, పురుషుల ఫైనల్‌ను చూసినవారి కంటే ఎక్కువ. హాలులో నేను చూసింది మాత్రం సైడ్‌లైన్ దగ్గర నిలబడిన స్టేలీనే. టైమౌట్‌లో ఆమె నేల మీద చేత్తో గీత గీసి చూపిస్తుంటే ఐదుగురూ వంగి చూస్తున్నారు. నా ఆరేళ్ల ఆటలో నాకు ఎవరూ చూపించని దృశ్యం అది.

ఉద్యోగం చివరకు మా విశ్వవిద్యాలయంలోనే దొరికింది. మొదటి డివిజన్ బాస్కెట్‌బాల్ జట్లు మరో ఇద్దరు కోచ్‌లను పెట్టుకోవచ్చని, వారు బయటికి వెళ్లి క్రీడాకారులను ఎంపిక చేయకూడదు గాని కోర్టు మీద శిక్షణ ఇవ్వవచ్చని 2023 జులై నుంచి నిబంధన మారింది. మా దగ్గర డబ్బు లేక ఆ స్థానం ఏడాదిపాటు ఖాళీగా ఉంది. మే నెలలో ప్రధాన కోచ్ నన్ను పిలిచి, వీడియో, గణాంకాల బాధ్యతతో అసిస్టెంట్ కోచ్‌గా ఉంటావా అని అడిగారు.

వీసా సంగతి ఇటువంటి దారిలో రావాలనుకునే మన అమ్మాయిల కోసం రాస్తున్నాను. ఓపీటీకి (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతికి) చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, నేను మొదటి వారంలోనే చేశాను. ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. 'కోచ్' అన్న పదం చూసి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో సందేహపడ్డారు. అందువల్ల మ్యాచ్ సమాచారాన్ని విశ్లేషించడం, నమూనాలు తయారుచేయడం వంటి పనులను ప్రధాన కోచ్ ఒక లేఖలో వివరంగా రాసి ఇచ్చారు, దానితో సమ్మతించారు. మరో ముఖ్యమైన విషయం, విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలకు హెచ్-1బీ వార్షిక పరిమితి వర్తించదు, లాటరీ ఉండదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపే చూసే మనవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

అక్టోబరులో కొత్త సీజన్ ప్రాక్టీస్ మొదలైంది. రెండేళ్ల క్రితం మొదటి సంవత్సరంలో ఉన్న ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం. షూటర్ మీదికి పరుగెత్తింది, రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టి నిటారుగా ఆగింది, ప్రాక్టీస్ ప్లేయర్ పక్క నుంచి దాటిపోయాడు. నేను విజిల్ వేశాను. దగ్గరికి వెళ్లి, నడుము దించి, చివరి రెండు అడుగులు చిన్నవిగా వేసి, ఎడమ పాదం ముందుకు పెట్టి ఎలా ఆగాలో చూపించాను. ఆమె నా పాదాల వైపు చూసి, "ఇది మీకు ముందే తెలుసా, కోచ్?" అని అడిగింది. రెండేళ్లుగా తెలుసని, చెప్పే అనుమతి ఇప్పుడే వచ్చిందని అన్నాను. ఆమె చెమట తుడుచుకుని, వెనక్కి నడిచి, మళ్లీ మొదటి గీత దగ్గర నిలబడింది.