పసుపు నురగ కనిపిస్తే తెగుళ్ల మందు కొట్టకండి

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు. కుండీలోని కోకోపీట్ మీదో, చెట్టు మొదట్లో పరిచిన ఎండుగడ్డి మీదో తెల్లారేసరికి పసుపుపచ్చటి నురగ తేలుతుంది. గుడ్డు సొన గిలకొట్టి పోసినట్టు, సరిగ్గా చెప్పాలంటే కుక్క కక్కినట్టు ఉంటుంది. సాయంత్రానికి రంగు వెలిసిపోయి పైన సున్నపు పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు చిట్లితే లోపలంతా నల్లటి పొడి. దీని పేరు ఫ్యూలిగో సెప్టికా. 1973లో అమెరికాలో డాలస్ శివార్లలోని పెరళ్లలో ఇది కనిపించినప్పుడు జనం హడలిపోయారు. మన దగ్గర చాలామంది చేసే పని తెగుళ్ల మందు కలిపి కొట్టడం.

దయచేసి కొట్టకండి. ఇది స్లైమ్ మోల్డ్, అంటే జిగురు బూజు. పేరులో బూజు ఉన్నా శిలీంధ్రం కాదు, మొక్కా కాదు, జంతువూ కాదు. కంటికి కనబడేంత పెద్ద ఒకే కణం. గోడలు లేని ఆ ఒక్క కణంలో లక్షల కేంద్రకాలు ఉంటాయి. కుళ్లే ఆకుల మీద ఉన్న బ్యాక్టీరియాను మింగుతూ పాకుతుంది. మొక్క రసం పీల్చదు, వేరు జోలికి పోదు. మొక్కకు నిజంగా ముప్పు తెచ్చేది కంచె మీద అందంగా అల్లుకునే బంగారు తీగ. దాన్ని ముద్దుగా చూస్తూ దీన్ని చూసి భయపడతాం.

పెంట దిబ్బకు చేర్చాలనుకుంటే పసుపుగా, తడిగా ఉన్నప్పుడే అట్టముక్కతో ఎత్తేయండి. పైపుతో నీళ్లు కొడితే ముక్కలై పక్క కుండీలకు పాకుతుంది, ఎండాక కొడితే పొడి లేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ పొడి పడకపోవచ్చు, మాస్క్ కట్టుకోవడం మంచిది. నష్టం ఉండేది ఒక్కచోటే: ముత్యపుచిప్ప పుట్టగొడుగుల బెడ్ల మీద పాకితే దిగుబడి పోతుంది. వరిగడ్డి సరిగా ఉడకకపోయినా, గదిలో గాలి ఆడకుండా తేమ నిలిచినా ఇది వస్తుంది. బెడ్ కట్టిన ఆ సంచిని వెంటనే బయటికి తీసి గడ్డిలో తడి తగ్గించాలి.

దీన్ని దగ్గరగా చూడాలంటే పుచ్చిన కొమ్మ మీద పసుపు నరాల వల కనిపించినప్పుడు చిన్న ముక్క విరిచి, తడిపిన టిష్యూ మీద పెట్టి డబ్బాలో మూత వేయండి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు. ఒక్క నరం మీద చూపు నిలిపితే లోపల రవ్వలాంటి కణికలు ఒకవైపు జోరుగా పరిగెడతాయి, నెమ్మదిస్తాయి, ఆగుతాయి. మళ్లీ అదే నరంలో వెనక్కి మళ్లుతాయి. సుమారు నిమిషానికోసారి ఈ మళ్లింపు. గుండె లేని జీవిలో ఈ పోటూపాటూ చూడటానికి ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు.

పెంచాలంటే వంటింటి చైనా గ్రాస్ పొడి పనికొస్తుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాములు వేసి మరిగించి, మూత ఉన్న పళ్లేల్లో అర సెంటీమీటరు మందం పోసి చల్లారనివ్వండి. చక్కెర, ఉప్పు వేయొద్దు, వేస్తే ముందు మామూలు బూజే తింటుంది. కొమ్మముక్కను ఒక అంచున పెట్టి, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక్క ఓట్స్ రేకు పెట్టి చీకట్లో ఉంచండి. పసుపు అంచు శుభ్రమైన జెల్లీ మీదికి పాకగానే ముందు కొసను మాత్రం సెంటీమీటరు మేర కోసి కొత్త పళ్లెంలోకి మార్చాలి. రెండు మూడుసార్లు ఇలా మారిస్తే మురికి వెనకబడిపోతుంది. అందరూ చేసే తప్పు ఓట్స్ గుప్పెడు వేయడం. తినకుండా మిగిలిన రేకు మర్నాటికి ఆకుపచ్చ బూజు పడుతుంది. 25 డిగ్రీల దగ్గర బాగా పాకుతుంది, మన ఎండాకాలపు గదిలో కష్టం. ఫ్యూలిగో కన్నా ఫైసారమ్ పాలీసెఫాలమ్ అనే జాతి ఇలా తేలిగ్గా పెరుగుతుంది. 2010లో జపాన్ పరిశోధకులు టోక్యో చుట్టుపక్కల పట్టణాల పటంలా ఓట్స్ పేర్చి వదిలితే, రైలు మార్గాలకు దీటైన వల అల్లింది ఇదే.

కొమ్మ దొరక్కపోతే బెరడు తీసుకోండి. బతికున్న మామిడి, చింత చెట్ల పైబెరడులోనూ వీటి బీజాలు నిద్రపోతుంటాయి. బెరడును తడిపి వీటిని మొలిపించే పద్ధతిని గిల్బర్ట్, మార్టిన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. ఎండిన పెచ్చులు నాలుగైదు, ఒకదాని మీద ఒకటి పడకుండా టిష్యూ పరిచిన పళ్లెంలో పేర్చి, మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి 24 గంటలు నాననివ్వాలి. తర్వాత నీళ్లు పూర్తిగా వంపేయాలి. అడుగున మడుగు మిగిల్తే మామూలు బూజు తప్ప ఇంకేం రాదు. మూత వేసి, ఎండ తగలని వెలుతురులో పెట్టి మూడో రోజు నుంచి రోజు విడిచి రోజు చూడండి, టార్చిని పక్క నుంచి వేసి. మిల్లీమీటరు కూడా లేని కాడ మీద గుండుసూది తలలాంటి, బీజాలు మోసే బుడిపెలు కనిపిస్తాయి. కొన్ని జాతులకు ఆరువారాలు పడుతుంది, పదిరోజులకే పారేయకండి. చెక్క మీదైతే అదృష్టం బాగుంటే స్టెమోనిటిస్ అనే రకం జిగురు బూజు గోధుమరంగు వెంట్రుకల కుచ్చులా లేస్తుంది.

బుడిపెలు రంగు మారి గట్టిపడేదాకా మూత తీయొద్దు, మధ్యలో ఆరితే సగంలో ముడుచుకుపోతాయి. ముదిరాక మెల్లగా ఆరబెట్టి, బెరడును అగ్గిపెట్టె లోపలి అరకు జిగురుతో అతికించండి. చెట్టు, ఊరు, తేదీ పెట్టె మీద రాయాలి. పురుగు పట్టకుండా రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. ఇక పళ్లెంలో పాకే పసుపు జిగురుంటే, దాన్ని తడి కాగితం మీదికి పాకనిచ్చి, చీకట్లో మూత ఓరగా పెట్టి రెండు రోజులు ఆరనిస్తే నారింజరంగు పెచ్చవుతుంది. ఆ కాగితం మడిచి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. నెలల తర్వాత తీసి నాలుగు నీటిచుక్కలు వేస్తే, సాధారణంగా మర్నాటికల్లా మళ్లీ పాకుతుంది.