రేగిపండంత బిళ్ళ

2024 అక్టోబరు ఆఖరి వారంలో తల దువ్వుకుంటుంటే కుడి చెవి కింద, మెడ పక్కన, వేలికి ఏదో తగిలింది. నొప్పి లేదు. నొక్కితే అటూ ఇటూ కదిలింది. రేగిపండంత ఉంది. ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి అప్పటికి ఆరు వారాలు. ఊరు మారింది, నీళ్ళు మారాయి, చలికి బిళ్ళ కట్టి ఉంటుందనుకున్నాను. అమ్మ సూట్‌కేసులో సర్దిన మందుల సంచిలోంచి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసి మూడు రోజులు వేసుకున్నాను. తగ్గలేదు. నవంబరులో ఇంకో మూడు రోజులు వేసుకున్నాను. ఈలోగా రేగిపండు ఉసిరికాయంత అయింది.

డాక్టరు దగ్గరకు ఎందుకు వెళ్ళలేదని తరువాత అందరూ అడిగారు. డబ్బు భయంతో వెళ్ళలేదు. వీసా దరఖాస్తుతోపాటు ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ అని 1,164 పౌండ్లు కట్టాం. అప్పట్లో విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, ఆపైన వచ్చే నెలలు ఆరులోపు అయితే అందులో సగం. ఆ లక్షా పాతిక వేల రూపాయల కోసం నాన్న నష్టానికి చీటీ పాడారు. కానీ మా ఇంట్లో ఎవరమూ అది వైద్యానికి కట్టిన సొమ్ము అనుకోలేదు. వీసా ఫీజులో ఒక భాగమనుకున్నాం. కన్సల్టెన్సీవాళ్ళు విడిగా ఒక ప్రయాణ బీమా కూడా కట్టించారు. నాకున్న రక్షణ అదొక్కటే అనుకుని ఒక రాత్రి ఆ పాలసీ అంతా చదివాను. ముందు మన డబ్బు పెట్టుకోవాలి, రసీదులు పంపాలి, జబ్బు ఇండియాలో ఉండగానే మొదలైంది కాదని తేలితేనే ఇస్తారు. అమెరికాలో చదువుతున్న మా పిన్ని కొడుకు కడుపునొప్పితో ఒక రాత్రి ఆసుపత్రికి వెళ్ళి, బీమా ఉండి కూడా డిడక్టిబుల్ కింద, అంటే బీమా మొదలయ్యేముందు మన జేబులోంచి పెట్టాల్సిన వాటా కింద, వేల డాలర్లు కట్టిన సంగతి చుట్టాలందరికీ తెలుసు. పాలసీ మూసి పడుకున్నాను. అలా ఏడు వారాలు పోయాయి. ఇప్పటికీ నన్ను బాధించేది ఆ ఏడు వారాలే.

నన్ను కదిలించింది నేను పనిచేసే దుకాణంలోని ఒక గుజరాతీ ఆవిడ. 1972లో ఉగాండా నుంచి వెళ్ళగొడితే చిన్నపిల్లగా ఈ ఊరు వచ్చారట. నేను మఫ్లరు సర్దుకుంటుంటే మెడ చూశారు. "నీ జీపీ ఎవరు?" అని అడిగారు. జీపీ అంటే మన పేటలో ఉండే డాక్టరు. నాకు ఎవరూ లేరన్నాను. మర్నాడు నా చేయి పట్టుకుని దగ్గరున్న సర్జరీకి, అంటే జీపీ క్లినిక్‌కి, తీసుకెళ్ళారు. ఒక ఫారం నింపాను. డబ్బు అడగలేదు. అప్పుడు తెలిసింది, నేను కట్టిన సర్‌చార్జ్ బీమా కాదని. అందులో క్లెయిములు లేవు, పరిమితి లేదు. వీసా ఉన్నన్నాళ్ళు ఇక్కడ స్థిరపడినవాళ్ళకు ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఎలా అందుతుందో నాకూ దాదాపు అలాగే అందుతుంది. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిన ఒక్కో మందుకు అప్పట్లో 9.90 పౌండ్లు, పంటి వైద్యానికి వేరే ఖర్చు. అంతే. నాన్న పాడిన చీటీ సొమ్ము మూడు నెలలుగా నా పేరిట అక్కడే ఉంది, నేను వెళ్ళి అడగలేదు.

డాక్టరు మెడ తడిమి, రాత్రిళ్ళు చెమట పడుతోందా అని అడిగారు. తలగడ తడిసిపోతుంటే హీటరు వల్ల అనుకున్నాను. తూకం చూస్తే యాభై ఒకటి నలభై ఆరుకు దిగింది. అత్యవసరమని ఆసుపత్రికి రాశారు. వచ్చిన ఉత్తరంలో క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి అని ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. సంక్రాంతికి వీడియో కాల్‌లో అమ్మ ముగ్గు చూపిస్తుంటే మఫ్లరు తీయకుండా నవ్వాను.

స్కానింగు చేస్తూ బిళ్ళలోకి సూది గుచ్చి తీశారు. జనవరి ఆఖరులో చెప్పారు: క్యాన్సర్ కాదు, టీబీ. హైదరాబాదులో వీసా కోసం టీబీ పరీక్ష చేయించుకునే వచ్చాను కదా అన్నాను. ఆ ఎక్స్‌రే ఊపిరితిత్తులనే చూస్తుంది, మీకు వచ్చింది మెడలోని లింఫ్ గ్రంథిలో, అన్నారు నర్సు. ఆ క్రిమి ఒంట్లో ఏళ్ళ తరబడి నిద్రపోయి లేవగలదట. గదిలోవాళ్ళకు నా నుంచి అంటదట. నా నోటి నుంచి వచ్చిన తరువాతి ప్రశ్న బిల్లు ఎంతని. నర్సు కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఇంగ్లండ్‌లో టీబీ వైద్యం ఎవరికైనా ఉచితమేనని, ఏ వీసా ఉన్నా, అసలు వీసా లేకపోయినా, మందులు కూడా ఉచితమేనని నిదానంగా చెప్పారు. ఇంతకాలం దేనికి భయపడ్డానో తలుచుకుని అక్కడే ఏడ్చాను.

అమ్మకు ఆ రాత్రి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా అవ్వవాళ్ళు దీన్ని గండమాల అనేవాళ్ళు" అంది చివరికి. మాది పీలేరు. ఇంటికి దగ్గర్లోనే మదనపల్లె ఆరోగ్యవరం టీబీ శానటోరియం. అమ్మ పెదనాన్న ఒకాయన అక్కడే నెలల తరబడి ఉండి, తిరిగిరాలేదు. "ఎవరికీ చెప్పకు, చెల్లి సంబంధాలు చూస్తున్నాం" అని కూడా అంది. దానికి అమ్మను తప్పుపట్టలేను. కానీ దాచిపెట్టి ఏడు వారాలు పోగొట్టుకున్నదాన్ని, ఇంక దాచలేనని చెప్పాను.

రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు రెండు రకాలు. పరగడుపున గుప్పెడు మాత్రలు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగులోకి మారుతుందని ముందే చెప్పబట్టి సరిపోయింది. ఎథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయవచ్చని రంగుల చుక్కల పుస్తకం పెట్టి కళ్ళు పరీక్షించారు. కాలేయం కోసం రక్తపరీక్షలు. మార్చిలో మాత్రం చాలా భయపడ్డాను. తగ్గుతున్న బిళ్ళ ఉన్నట్టుండి నిమ్మకాయంత అయింది. మందులు పనిచేయడం లేదనుకుని నర్సుకు ఫోను చేస్తే, చచ్చిన క్రిముల మీద ఒళ్ళు చేసే పోరాటం వల్ల కొందరికి అలా వాస్తుందని, ఒక్క పూట కూడా మానవద్దని చెప్పి, మర్నాడే పిలిచి చూశారు.

జులై ఆఖరులో చివరి మాత్ర వేసుకున్నాను. అప్పటికి తూకం యాభై మూడు. ప్రతి ఆదివారం అమ్మ ఒకటే అడిగేది, ఇప్పుడు ఎంతుందమ్మా అని. నిమ్మకాయ, ఉసిరికాయ, రేగిపండు, శనగగింజ అని వారం వారం చెబుతూ వచ్చాను. ఆ ఆదివారం కూడా అడిగింది. వేలితో చాలాసేపు వెతికాను. "ఆవగింజంత, అది అలా మిగిలిపోయినా పరవాలేదట" అన్నాను. కెమెరా దగ్గరకు రమ్మంది. మఫ్లరు లేని మెడ చూపించాను.