మంజీర ఎండిపోతుంటే హైదరాబాద్‌కి పట్టదా?

హైదరాబాద్‌లో నది అనగానే అందరి నోటా వచ్చేది మూసీయే. టీవీ డిబేట్లు, సుందరీకరణ, ఇళ్లు పోయినోళ్ల గోడు, అన్నీ దాని చుట్టే తిరుగుతున్నాయి. మాట్లాడాల్సిందే, కాదనను. కానీ పటాన్‌చెరు, బీహెచ్ఈఎల్, లింగంపల్లి, మియాపూర్, కూకట్‌పల్లి దిక్కు ఏళ్ల తరబడి నల్లా తిప్పితే వచ్చిన నీళ్లు మూసీవి కావు, మంజీరవి. ఇప్పటికీ అద్దె ఇల్లు చూడటానికి పోతే "మంజీరా ఉందా, బోరేనా" అనే అడుగుతాం. అట్లాంటి నది ఎండాకాలం వచ్చిందంటే ఇసుక తేలి ఎట్ల పడుంటదో ఈ సిటీలో ఎంతమంది చూశారు, ఎంతమందికి బాధ ఉంది అని నాకు చాలా రోజుల నుంచి మనసులో మెదులుతూనే ఉంది, అందుకే ఇవాళ రాస్తున్నా.

మంజీర పుట్టేది మహారాష్ట్ర బీడ్ జిల్లాలో, బాలాఘాట్ కొండల్లో. అక్కడి నుంచి లాతూర్, తర్వాత కర్ణాటకలో బీదర్ దాటి మన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, మెదక్, కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా పోయి గోదావరిలో కలుస్తది. 724 కిలోమీటర్లు. దారి పొడుగునా చాలా వరకు కరువు నేలే, వాన మీద నమ్మకం పెట్టుకోలేని నేల, అయినా పైన చెరకు బాగా వేస్తారు, మన జహీరాబాద్ దిక్కు కూడా వేస్తారు. పైన డ్యాములున్నాయి, బీదర్ జిల్లాలో దీని ఉపనది మీద కారంజా ప్రాజెక్టు ఉంది, ఇన్ని దాటుకుని మన దాకా వచ్చేసరికి మంచి వానలు పడిన ఏడాది తప్ప నీళ్లు రావట్లేదు. వచ్చిన ఏడాది మాత్రం ఒక్కసారిగా వరదై వచ్చి గేట్లు ఎత్తేదాకా పోతది.

2016 ఎండాకాలం గుర్తుందా? లాతూర్‌కి మిరజ్ నుంచి రైల్లో నీళ్లు పంపారు, దేశమంతా న్యూస్‌లో చూసి అయ్యో అనుకున్నాం. లాతూర్ తాగేది కూడా మంజీర నీళ్లే, ధనేగావ్ దగ్గర డ్యామ్ నుంచి. అదే ఏడాది కింద మంజీర మీదే ఉన్న మన సింగూరు కూడా అడుగంటింది, 29.9 టీఎంసీల ప్రాజెక్టు, హైదరాబాద్‌కి సింగూరు, మంజీర నీళ్లు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది, సిటీ పక్కనున్న గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ కూడా ఎండిపోయాయి. ఒకే నది, ఒకే ఏడాది, ఒక ఊరికి రైలు, ఇంకో ఊరికి అప్పటికప్పుడు అందిన కృష్ణా మూడో దశ, గోదావరి పైపులు. ఆ పైపులు ఇంకో ఏడాది లేట్ అయ్యుంటే మన పరిస్థితి ఏంటో అప్పుడు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ సెప్టెంబర్‌లో భారీ వానలు పడి సింగూరు నిండింది, అంతే, అందరూ మర్చిపోయారు. మళ్లీ 2019లో సింగూరు ఖాళీ అయ్యి సంగారెడ్డి పట్టణమే తాగునీళ్లకి కటకటలాడింది, నదికి దగ్గర్లోనే ఉన్న ఊరు అది. కిందికి నీళ్లెందుకు వదిలారు, ఎవరు వదలమన్నారు అని రాజకీయంగా పెద్ద గొడవ అయ్యింది, అది కూడా వానతోనే చల్లారింది.

నాకు అర్థమైనంత వరకు మన ప్రభుత్వాల నీళ్ల పాలసీ, ఏ పార్టీ అయినా, ఒక్కటే. ఉన్న నది తగ్గగానే ఇంకా దూరం నది దగ్గరికి పైపేయడం. 1908 వరదల తర్వాత విశ్వేశ్వరయ్య గారు వేసిన ప్లాన్‌తో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా కాల్వలో వాటంతటవే పారుకుంటూ వచ్చేవి, కరెంటు మోటార్ల అవసరమే లేదు. అవి చాలట్లేదని 1965లో మంజీర. అదీ చాలక సింగూరు, దానికోసం అందోల్ దిక్కు ఎంత పొలం మునిగిందో, ఎన్ని ఊళ్లు లేచిపోయాయో. ఆ తర్వాత 2000ల్లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరి. గోదావరి పైప్‌లైన్ 186 కిలోమీటర్లు, ముర్మూర్, బొమ్మకల్, మల్లారం దగ్గర మోటార్లు పెట్టి పైకి ఎత్తుకుంటూ తేవాలి. మన వంటింట్లో గిన్నె తోమే నీళ్ల వెనక ఎంత కరెంటు ఉందో ఆలోచించండి. పొరుగునే ఉన్న గండిపేటకి మాత్రం పైన నీళ్లు వచ్చే దారులన్నీ ఫామ్‌హౌస్‌లు, వెంచర్లు. ఈ రెండు జలాశయాల రక్షణకి 84 ఊళ్లల్లో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111 జీవోని కూడా 2022లో ఆంక్షలు ఎత్తేస్తున్నామని ఇంకో జీవో ఇచ్చి బలహీనం చేశారు. ఇది నాకు అస్సలు మింగుడు పడని విషయం.

దూరం నది అయినా గ్యారంటీ ఉందా అంటే అదీ లేదు. 2024 ఎండాకాలంలో నాగార్జునసాగర్‌లో మట్టం పడిపోయి హైదరాబాద్ కోసం ఎమర్జెన్సీ పంపింగ్ పెట్టాల్సి వచ్చింది. ఆ అవసరమే రాకుండా నీళ్లు బాగా కిందికి పోయినా తోడుకోవచ్చని సుంకిశాల దగ్గర ఇన్‌టేక్ కడుతుంటే అదే ఏడాది ఆగస్టులో సాగర్ నిండేసరికి దాని గోడ కూలిపోయింది. ప్రజల డబ్బు అది.

ఇప్పుడు ఏడుపాయల సంగతి చెప్తా, ఎందుకంటే అక్కడ చూసిందే నన్ను బాగా కదిలించింది. మా అమ్మ పుట్టిల్లు మెదక్ దిక్కు, శివరాత్రికి వనదుర్గమ్మ జాతరకి పోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలుతది, లక్షల మంది వస్తారు. వానాకాలం వరదొస్తే గుడి ముందు నుంచే నీళ్లు ఉరుకుతాయి, కొన్నిసార్లు గుడి మునిగి అమ్మవారిని రాజగోపురం దగ్గర పెట్టి పూజలు చేస్తారు. అదే నది శివరాత్రి నాటికి బండలు తేలి ఉంటది. జాతరకి జనం స్నానం చేయాలంటే సింగూరు నుంచి నీళ్లు వదలాలి, దానికి పైనుంచి ఆర్డర్ రావాలి. మొన్నటిసారి పోయినప్పుడు ఒక పాయలో నీళ్లు మోకాలు దాకా కూడా లేవు, ఆకుపచ్చ నాచు పట్టిన బండల మధ్య ఆడవాళ్లు చెంబులతో ముంచుకుని పిల్లల నెత్తిన పోస్తున్నారు, పక్కనే కొబ్బరి పీచు, ప్లాస్టిక్ కవర్లు అదే నీళ్లల్లో తిరుగుతున్నాయి, ఒక ముసలామె చేత్తో అవన్నీ పక్కకి తోసి కొంచెం తేట నీళ్లు దొరికేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు తలమీద చల్లుకుంది. మా మామ నా పక్కన నిలబడి "అల్లుడా, సింగూరోళ్లు ఇడిస్తేనే మనకు పండుగ, లేకుంటే ఇసుకల బొర్లుడే" అన్నడు. ఆయనకి ఘనపురం ఆనకట్ట కింద పొలం ఉంది. నిజాం కాలంలో 1905లో మంజీర మీద కట్టిన ఆనకట్ట అది, దాని కింద ఇరవై వేల పైచిలుకు ఎకరాలు. "యాసంగికి నీళ్లిస్తరా ఇయ్యరా అని నాట్లేసే టైమ్‌కి గూడ చెప్పరు, మేం దేన్ని చూస్కొని నారు పోయ్యాలె?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు, నేను హైదరాబాద్ నుంచి వచ్చినోణ్ణి కదా, మా ఊరికి నీళ్లు పోవాలనే ఆయన పొలానికి ఆపేది.

ఇంకా కిందికి పోతే నిజాంసాగర్. 1931లో పూర్తయ్యింది, రెండున్నర లక్షల ఎకరాలకి పైగా పారాలని కట్టిన ప్రాజెక్టు, పూడిక నిండి ఇప్పుడు 17.8 టీఎంసీలే పడతాయి. సింగూరు కట్టాక దానికి వచ్చేది ఇంకా తగ్గింది.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. సింగూరు నీళ్ల లెక్కలో హైదరాబాద్ వాటా ఉంది, ఘనపురం వాటా ఉంది, నిజాంసాగర్ వాటా ఉంది, సింగూరు కాల్వల కింద 40 వేల ఎకరాల వాటా ఉంది, జాతరకి కూడా ఒక వాటా ఇస్తారు. నది కోసం మాత్రం ఎవరి కాగితం మీదా ఒక్క చుక్క లేదు. గేటు దాటి ఏడాది పొడుగునా సన్నగా అయినా పారాలి, ఒడ్డున ఉన్న బావులు, బోర్లు ఊరాలి, మడుగుల్లో చేపలు, సంగారెడ్డి దగ్గర అభయారణ్యంలో మొసళ్లు బతకాలి అనేది ఎవరూ అనుకోరు. పారకపోతే ఇంకో నష్టం కూడా ఉంది, నది ఎండిన చోటికి ట్రాక్టర్లు దిగుతాయి, ఇసుక పోతది. ఇసుక పోయాక వానొచ్చినా నీళ్లు ఆగవు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కలుషితం నక్కవాగులో పడి మంజీర దాకా పోయిన చరిత్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆ ఊళ్లల్లో పెద్దవాళ్లని అడిగితే పశువుల గురించి, బావుల గురించి ఏడ్చినంత పనిచేస్తారు. నిండుగా పారే నదికైతే కొంత కడుక్కుపోయే బలం ఉంటది, ఎండిన నదికి అదీ లేదు.

పైవాళ్లు వాడేసుకుంటున్నారు, వానలు లేవు, మేమేం చేస్తాం అని అధికారులు అంటారు. సగం నిజమే. కానీ మిగతా సగం మన చేతిలోనే ఉంది. సింగూరులోకి ఇవాళ ఎంత వచ్చింది, హైదరాబాద్‌కి ఎంత పోయింది, ఘనపురానికి ఎంత వదిలారు, ఎండకి ఎంత ఆవిరైంది, ఈ లెక్క రోజూ తెలుగులో మెదక్ రైతు ఫోన్‌లో చూసుకునేలా పెట్టడానికి ఏం అడ్డం? అక్టోబర్‌లోనే రైతుని, సిటీ వాటర్ బోర్డుని ఒకే చోట కూర్చోబెట్టి యాసంగికి ఇస్తామో లేదో తేల్చి చెప్పడానికి డబ్బు ఖర్చవదు. ఇస్తే ఇస్తామని, లేకపోతే జొన్న, శనగ వేసుకోండి, విత్తనాలు మేం ఇస్తామని ముందే చెప్పాలి. ఎస్టీపీల్లో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో, శుద్ధి చేసిన నీళ్లు ఫ్యాక్టరీలకి, కన్‌స్ట్రక్షన్‌కి గట్టిగా అమలు చేసి వాడిస్తే అంతమేరకు తాగునీళ్లు మిగులుతాయి కదా.

ఇక మన అపార్ట్‌మెంట్ల సంగతి. మార్చి వచ్చిందంటే మా కాలనీలో తెల్లవారుజామునే ట్యాంకర్ల హారన్లు. వాచ్‌మన్ సంపులోకి పొడుగు కర్ర దించి తడి ఎంత వరకు వచ్చిందో చూసి వాట్సాప్ గ్రూప్‌లో ఫొటో పెడతాడు, ఆ ఫొటో చూసి ఆ రోజు ఎన్ని ట్యాంకర్లు కావాలో లెక్కేస్తారు. వెయ్యి అడుగులు దాటినా బోరు ఎండుతున్న చోట కూడా ఇంకుడు గుంత మీద పార్కింగ్ టైల్స్ వేసేసిన బిల్డింగులున్నాయి. 2002 నుంచి నీళ్లు, నేల, చెట్ల రక్షణకి వాల్టా చట్టం ఉంది, బోరు వేయాలంటే పర్మిషన్ తీసుకోవాలని ఉంది, ఎవరైనా అడిగారా? సిటీలో నెలకి 20 వేల లీటర్ల నల్లా నీళ్లు ఫ్రీ అనేది పేదోళ్లకి కచ్చితంగా ఉండాలి, దాన్ని నేను తప్పుపట్టను, కానీ కార్లు పైపుతో కడిగే చోట కూడా అదే ఫ్రీ ఎందుకో నాకు అర్థం కాదు.

వచ్చే నెల మా అసోసియేషన్ మీటింగ్ ఉంది. మా బ్లాక్‌లో మూసేసిన ఇంకుడు గుంత తెరిపించాలని, కార్ వాషింగ్‌కి నల్లా నీళ్లు వాడొద్దని రాతపూర్వకంగా పెడుతున్నా. సింగూరు రోజువారీ నీటి లెక్కలు, ఘనపురానికి వదిలిన నీళ్ల వివరాలు కావాలని ఇరిగేషన్ శాఖకి ఆర్టీఐ కూడా రాస్తున్నా. సంగారెడ్డి, మెదక్, కామారెడ్డి దిక్కు వాళ్లు ఇది చదువుతుంటే మీ ఊరి దగ్గర మంజీర ఏ నెలలో ఆగిపోతుందో, ఒకప్పుడు ఏ నెల దాకా పారేదో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కింద రాయండి, అవన్నీ కలిపి ఆ అర్జీకి జత చేస్తాను.